బారు కింద తడి

వనజాక్షిని చంపింది ఆమె తమ్ముడు నరేంద్ర.

బయ్యన్న ఈ మాటను నాలుగేండ్లుగా ఇట్లనే చెప్తున్నాడు. వాదన పెట్టుకోడు. ఎండ కాస్తోందని చెప్పినట్లు చెప్పి ఊరుకుంటాడు. పెండ్లాం పోయిన మనిషి మాటకు ఎదురు చెప్పేదెవరు? ఊరు కూడా అదే పట్టుకుంది. నరేంద్రకు రాప్తాడులో మోటర్లు బాగుచేసే అంగడి ఉంది. వెల్డింగు కూడా చేస్తాడు. బయ్యన్న శెనక్కాయ చేన్లో బోరు మోటరు కాలిపోతే విప్పి తీసుకుపోయి, బాగుచేసి, మళ్లీ దింపింది అతనే. దింపిన నెలన్నరకు, ఒక పొద్దున, గేటువాలు తిప్పుదామని పోయిన వనజాక్షి పైపు పట్టుకుంది. పట్టుకున్న చేతులు మళ్లీ వదల్లేదు. బోరు మూతి దగ్గర వైరు జాయింటు పోయి పైపంతా కరెంటు పారిందని లైన్‌మెన్ చెప్పినాడు. జాయింటు వేసింది నరేంద్ర. ఇంక చెప్పేదేముంది?

మెయిన్ తీసేసినాక ఆమె వేళ్లను పైపు మీద నుంచి ఒక్కొక్కటే విడదీసింది మాత్రం బయ్యన్న. చిటికెన వేలు చివర్న వచ్చింది.

ఆ పొద్దు నుంచి బామ్మర్ది ఈ గడప తొక్కలేదు. కొడుకు తేజకు కూడా వాళ్ల మామతో మాటలొద్దని బయ్యన్న గట్టిగా చెప్పినాడు. వాడు విన్నాడో లేదో అడగలేదు.

తేజకు మిలిట్రీ పిచ్చి. కిందటేడు భర్తీ ర్యాలీలో పరుగు మొదటి గుంపులోనే వచ్చినాడు. బీము దగ్గర పోయినాడు. చేతులతో ఒంటిని పైకి లాగి గడ్డం బీము దాటించాలి. పదిసార్లు లాగితే నిండు మార్కులు. వీడు ఆరు లాగి, ఏడోదానికి గాల్లో కాళ్లు కొట్టుకుని కింద పడినాడు. ఇంకొక ర్యాలీ రెండు నెలల్లో ఉంది. అది దాటితే వయసు దాటిపోతుంది. మళ్లీ నిలబడనియ్యరు.

ఇంటి దగ్గరే బారు కావాలన్నాడు తేజ. రోజూ అనంతపురం పోయి రావడంతోనే సత్తువంతా పోతుందన్నాడు. బయ్యన్న సరేనన్నాడు.

వాడు మొదట ఫోన్లో చూసి వాకిట్లో బిగించే బారు తెప్పించినాడు. రెండు కొసలకూ రబ్బరు బిళ్లలు. తిప్పేకొద్దీ పొడుగై, అటూ ఇటూ తలుపు చట్రానికి అదుముకుంటుంది. సిమెంటు ఇండ్లకు చేసిన వస్తువు అది. బయ్యన్నది రాతిగోడల బండల మిద్దె. చట్రం తాతల నాటిది.

పెరట్లోంచి వస్తున్న బయ్యన్నకు ఎదురుగా వాకిట్లో కొడుకు వేలాడుతూ కనిపించినాడు. మనిషి కనిపించలేదు, చేతులు కనిపించినాయి. పైపు మీద బిగుసుకున్న వేళ్లు. తెల్లగా పాలిపోయిన కణుపులు.

"వదల్రా! చెయ్యి వదులు!"

ఆ కేకకు గొడ్లపాకలో ఎనుము అదిరి లేచింది. అదే నిమిషానికి ఒక పక్క రబ్బరు బిళ్ల చట్రంలోకి దిగబడింది. బారు జారింది. తేజ వెల్లకిలా పడినాడు.

"ఏమైంది నాయనా? పాము చూసినట్ల అరిస్తివి?"

"చట్రానికి చెదలు పట్టిండాయి. కనపడల్యా?"

"పడినాక నాకు కనపడినాయి. ముందే నీకు యాడ కనపడినాయి?"

బయ్యన్న రాలిన చెక్కపొడిని చేత్తో ఎత్తి బయట పారేసినాడు. చేతులు కడుక్కున్నాడు. రెండోసారి కడుక్కున్నాడు.

తర్వాత ఇద్దరూ అనంతపురం పోయినారు. ఆటసామాన్లు అమ్మే అశోక్ అంగట్లో నిలువెత్తు ఇనుప స్టాండు పెట్టినారు. పైన పుల్లప్పులకు బారు, నడుముల దగ్గర, ఒంటిని చేతుల మీద దించి లేపే డిప్పులకు రెండు చేతుల బార్లు, వెనక ఆనుకోవడానికి మెత్త.

"ఇంట్లోకా అన్నా, బయటికా?" అడిగినాడు అశోక్.

"వీడు యాడ ఉంటే ఆడికి. మిలిట్రీకి తయారవుతాండాడు. ఇల్లు రాతిగోడలది."

"ఇంట్లోకైతే ఇది బంగారం. యాడికంటే ఆడికి జరుపుకోవచ్చు. నూటఇరవై కేజీలు మోస్తాదని రాసిండారు చూడు."

బయ్యన్న స్టాండును ఒంటి చేత్తో పట్టి ఊపినాడు. అది పైనుంచి కిందిదాకా వణికింది.

"రాసినోడు ఎక్కినాడా దీన్ని?"

"ఏమప్పా, అంత మాటంటివి!" అశోక్ నవ్వి, తేజను ఎక్కమన్నాడు. వాడు ఆరడుగుల మనిషి. బారు పట్టుకుంటే కాళ్లు బండలకు ఆనినాయి. మోకాళ్లు మడిచి లాగబోతే స్టాండు ముందుకు వంగింది. అశోక్ పరుగున పోయి కాలితో అదిమిపట్టినాడు.

"ఇట్ల దినామూ వచ్చి తొక్కి పట్టుకుంటావా నువ్వు?" అన్నాడు బయ్యన్న.

అశోక్ అబద్ధం ఆడే మనిషి కాదు. గొంతు తగ్గించినాడు. "గోడకు కొట్టేది కూడా ఉండాదన్నా. నీది రాతిగోడ అంటాండావు, మట్టి అతుకులు. బోల్టు నిలవదు. పొడుగు మనిషి, మిలిట్రీకి అంటే నన్నడిగితే బయట భూమిలోకి పాతించుకో. మందం పైపు, రెండడుగుల గుంత, కాంక్రీటు. అది ఊగదు. మీ పక్క మంచి వెల్డింగోళ్లు ఎవరన్నా ఉంటే..."

తేజ వాళ్ల నాయన మొగం వైపు చూడలేదు. బయ్యన్న బయటికి నడిచినాడు.

బస్సెక్కి ఇంటికి వచ్చినారు. వాకిట్లో చెప్పులు విడుస్తూ తేజ అన్నాడు, "మామకు చెప్పినా నాయనా. పోయిన వారమే. ఆయన అంగట్లో నాలుగు రకాల పైపులు పట్టి చూసినా. మరీ లావైతే బొటనవేలు చుట్టూ రాదు, సన్నమైతే అరచెయ్యి కోస్తాది. ఇంచుంపావు కుదిరింది. తెల్లారి తెస్తానన్నాడు."

"ఆ చేతులతో చేసిన పైపు పట్టుకోని మీయమ్మ సచ్చింది."

"ఇది కరెంటు పైపు కాదు నాయనా. ఉత్త ఇనుము."

"వానిదే గదా."

"ఇంగ రెండు నెలలే ఉండాది నాకు. నువ్వు మాట్లాడాకు, చూడాకు. గుంత నేనే తీస్తా."

బయ్యన్న బామ్మర్దిని వచ్చి బారు బిగించి పోనీ అనుకున్నాడు. కాంక్రీటు గట్టిపడక ముందే గడ్డపారతో పెళ్లగించేది తన చేతిలో పని.

నరేంద్ర లగేజీ ఆటోలో వచ్చినాడు. మనిషి పొట్ట పెరిగి, తల సగం నెరిసి ఉన్నాడు. "బాగుండావా బావా?" అన్నాడు వాకిట్లో నిలబడి.

బయ్యన్న కొడుకు వైపు తిరిగినాడు. "ఎవర్రా వీడు?"

"నేనే బావా, నరేంద్రను. రొంత లావైనా, అంతే." నవ్వబోయి, ఆ నవ్వును యాడ పెట్టాలో తెలియక కిందికి చూసినాడు.

బయ్యన్న అరుగు మీద అటు తిరిగి కూర్చున్నాడు. వెనకనుంచి పార చప్పుడు, పైపు చప్పుడు. తేజ చెయ్యి పైకెత్తి ఎత్తు కొలిపించుకోవడం, డిప్పుల బార్ల మధ్య భుజాల వెడల్పు చాలు మామా అనడం, మరీ వెడల్పైతే భుజం పోతాదిరా అల్లుడా అని నరేంద్ర అనడం, అన్నీ చెవిన పడుతున్నాయి. మధ్యాహ్నానికి నాలుగు గుంజలూ నిలబడినాయి. గుంతల్లో కంకర, సిమెంటు పోసినారు.

"వారం రోజులు ఎవరూ ఎక్కొద్దు," అన్నాడు నరేంద్ర. "పూటకొక బిందె నీళ్లు పోయండి. గుంత తడిగా ఉండల్ల. ఎండిపోతే పని..."

అక్కడ ఆగిపోయినాడు.

బయ్యన్న తల తిప్పినాడు. బావ, బామ్మర్ది నాలుగేండ్ల తర్వాత ఒకరి కండ్లల్లోకి ఒకరు చూసుకున్నారు. ఈ మాట బయ్యన్న ముందే విన్నాడు. ఇదే నోటి నుంచి, ఇంకొక గుంత దగ్గర. నరేంద్ర సామాను సర్దుకొని, చెంబు నీళ్లు కూడా తాగకుండా ఆటో ఎక్కినాడు.

"ఒక్క చుక్క పోసినావంటే చూడు," అన్నాడు బయ్యన్న కొడుకుతో. "నీళ్ల బండి రెండు దినాలకొకసారి వస్తాంది. తాగేదానికే ల్యాకుంటే మట్టికి పోస్తావా?"

"పోయకుంటే పగుల్తాది నాయనా!"

"పగలనీ."

తెల్లవారుజామున తేజ పరుగుకు పోయినాక బయ్యన్న గడ్డపార తీసుకొని బారు దగ్గరికి వచ్చినాడు. మొదటి గుంజ చుట్టూ నేల తడిగా ఉంది. రెండోదాని చుట్టూ, మూడోదాని చుట్టూ కూడా. ఒక్కచోట కుమ్మరించిన తడి కాదది. చుట్టూ తిరిగి, ముగ్గు పోసినట్లు సన్నగా పోసిన తడి.

కోపంతో వంటింట్లోకి పోయినాడు. ప్లాస్టిక్ బిందెలు మూడూ, రాత్రి తాను మూతలు పెట్టినవి పెట్టినట్లే, అంచుదాకా నిండి ఉన్నాయి.

తేజ పరుగు ముగించుకొని వచ్చి, తడి చూసి, నవ్వుతూ లోపలికి వచ్చినాడు. "నువ్వు పోస్తావని నాకు తెలుసు నాయనా. నోరే అట్లాంటిది నీది."

"నేను పోయల్యా. నువ్వు?"

"నువ్వొద్దంటివి గదా. నేనేంటికి పోస్తా?"

ఇద్దరూ బిందెల వైపు చూసినారు. తేజ నవ్వు పోయింది.

మరుసటి రోజు చీకటి ఉండంగానే బయ్యన్న అరుగు మీద కూర్చున్నాడు. గడ్డపార పక్కన ఉంది. తేజ గేటు తీసుకొని పోవడం చూసినాడు. ఎవరూ రాలేదు. ఆకు కదల్లేదు. రెప్ప వాల్చలేదని అతను ఎవరి మీదైనా ఒట్టు పెట్టి చెప్పగలడు. తూర్పు తెల్లబడేసరికి గుంజలు కనిపించినాయి, వాటి కింద నేల కనిపించింది. నేల నల్లగా ఉంది.

దగ్గరికి పోయి కూర్చున్నాడు. అరచెయ్యి ఆనించినాడు. నీళ్లు చల్లగా తగిలినాయి. పక్కనే తడిమట్టిలో ఒక గుండ్రటి అచ్చు. సగం పోసినాక నడుం నొచ్చి బిందె కింద పెడితే పడే అచ్చు. ఆ గుండ్రంలో ఒక పక్క లోపలికి నొక్కుకుపోయి ఉంది. సొట్ట.

ఆ బిందె బయ్యన్నకు తెలుసు. ఇత్తడిది. ఇప్పుడది ఈ ఇంట్లో లేదు. పెద్దకర్మ నాడు వనజాక్షి అక్క గంగాదేవి పామిడికి తీసుకుపోయింది. సొట్ట ఎట్లా పడిందో గంగాదేవికి తెలియదు. తెలిసిన వాళ్లు ఇద్దరు. ఒకరు పోయినారు.

తేజ తిరిగి వచ్చేసరికి అతను అట్లనే తడిమట్టిలో కూర్చొని ఉన్నాడు. గడ్డపార పక్కన పడి ఉంది.

"ఏంది నాయనా? పీకేస్తాండావా? చెప్పు, పీకేస్తాండావా?" తేజ గడ్డపారను కాలితో అవతలికి తోసినాడు. "నా బతుకు గూడా ఇంతేనా ఇంగ?"

"కూర్చో."

తేజ కూర్చోలేదు. బయ్యన్న నిలబడిన వాడి కాళ్లకే చెప్పినాడు.

"మోటరు స్టార్టరు పక్కన ఎర్తు గుంత ఉంటాది. ఉప్పు, బొగ్గులు వేసి మీ మామే తీసినాడు. పైపులోకి కరెంటు వస్తే భూమి లాక్కోవల్ల. గుంత తడిగుంటేనే లాక్కుంటాది. దినామూ బిందె నీళ్లు పోయమన్నాడు. మీయమ్మ పోసేది. ఆ ఏడు వాన చినుకు ల్యా. తాగేదానికి ఒక బిందె, మట్టికి ఒక బిందెనా అని చేతిలో బిందె లాక్కోని రాయికేసి కొట్టినా. ఇంగ పోయొద్దంటి. ఆమె పోయల్యా. ఇరవై దినాలు." ఒక్కసారి ఆగినాడు. "జాయింటు వాడిది. ఎండిన గుంత నాది."

రోడ్డు మీద పాలబండి పోయింది.

"మామకు తెలుసునా?"

"పోయమన్నదే వాడు. మీయమ్మ పోయిన పొద్దు వచ్చినప్పుడు గుంత చూసినాడు. దుమ్ము లేస్తాండె దాంట్లో. చూసి నన్ను చూసినాడు."

"నాలుగేండ్లు ఊరంతా చంపినోడు చంపినోడు అంటాంటే నోరు తెరవల్యా ఆయన?"

"తెరవల్యా. అందుకే వాని మొగం చూడలేను."

తేజ మొగం అటు తిప్పుకున్నాడు. బయ్యన్న మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచినాడు. వంటింట్లోకి పోయి ప్లాస్టిక్ బిందె తెచ్చినాడు. నాలుగో గుంజ చుట్టూ తిరిగి పోసినాడు. కొన్ని నీళ్లు పాదాల మీద పడినాయి. మూడో దాని దగ్గర బిందె ఖాళీ అయింది. ఇంకొకటి తెచ్చినాడు.

"ఆరు రోజులు పొయ్యల్ల ఇంకా," అన్నాడు. "అప్పుడెక్కు."

"నాయనా," అన్నాడు తేజ. "పొద్దుగూకినాక రాప్తాడుకు పోదాం రా. ఊర్లో చెప్పొద్దులే. మామ ముందర ఒక్క మాట. అంతే. ఒక్క మాటకు నీ సొమ్మేం పోతాది?"

"రాను."

"నేను తోడుంటా."

"నువ్వు పో. దినామూ పో. మీ మామను ఇంటికి పిలుచుకో, అన్నం పెట్టు. నేనేమీ అనను. వాడు చంపినాడని కూడా ఇంగ అనను."

"అది చాలునా?"

బయ్యన్న బిందె బోర్లించి అరుగు మీద పెట్టినాడు. తడి చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"చాలదు. అయినా ఇంతే. నీకు తెలియాల్సింది ఒకసారి చెప్పినా. ఇంగ సచ్చేదాకా ఈ మాట నేను ఎత్తను. నీతో ఎత్తను, వానితో ఎత్తను. నువ్వు అడగొద్దు."