గడప దాటని కత్తిపీట

వైశాఖము ముగిసి జ్యేష్ఠము ప్రవేశించిన ఆ దినములయందు సూర్యుడు తొలిజాముననే నడినెత్తి కెక్కినట్లు మండుచుండగా, తోటలనుండి వచ్చు బండ్లును లారీలును పచ్చికాయల బరువున మూలుగుచు నూజివీటి వీథులను నింపుచుండగా, ప్రతి గృహాంగణమునందును పాత చీరలపై ఆవపిండియు కారమును ఉప్పును పీతారుణధవళ వర్ణములతో మూడు చిన్న కొండలవలె నెండుచుండగా, త్రోవను బోవువారు తుమ్ముచు తుమ్ముచునే యే యింటి కారము ఘాటైనదో నిర్ణయించుచుండగా, ఆవకాయ ఋతువు వచ్చినదని యా యూరివారికి పంచాంగము చెప్పనక్కఱలేకుండెను.

అట్టి దినములలో నొకనాటి యుదయమున హైమవతి కళాశాలకు బోవు బస్సులో కిటికీ ప్రక్కను గూర్చుండి తన వివాహమై ముప్పదియేడు దినములైనదని మఱియొకమాఱు లెక్కించుకొని తనలో తాను నవ్వుకొనెను. యంత్రశాస్త్రమున ఎం.టెక్. తుది సంవత్సరము చదువుచున్న యా నవవధువునకు మెడలోని పసుపుత్రాటి రంగు రవికపై అంటుటయు సంతోషమే. భర్త శశిభూషణుడు తన కాఫీలో సగము మాటాడకయే యామె గ్లాసులోనికి వంచుటయు సంతోషమే. అయితే యానాడు వానికంటె పెద్దదైన సంతోష మొకటి కలదు. ఆమె కల్పించిన మామిడికాయల కత్తిపీటకు పేటెంటు కోరుచు దరఖాస్తు పంపుటకై న్యాయ సలహాదారు సుదక్షిణగారు కళాశాలకు రానుండెను.

ఆ కత్తిపీట వృత్తాంతము చెప్పవలసియున్నది. టెంకతో కూడిన కాయను దెగగొట్టుటకు బలము గావలయును. అందుచే ఆమె యలవాటైన మోటుకత్తికి బదులు రెండు కీళ్లతో మడతపడు పిడి నమర్చి, చిన్న యొత్తిడితోనే కత్తి దిగునట్లు చేసెను. గుడివాడలో లేతుషాపు నడుపు తండ్రి దానిని ముచ్చటగా తయారుచేసి లడ్డులతోను అరటిగెలతోను గూడ సారెలో బెట్టి పంపెను. అత్తగారైన మాణిక్యాంబ సారె చూచుటకు వీథిలోని స్త్రీల నందఱను బిలిచెను. వచ్చిన ప్రతి స్త్రీయు తలకొక కాయ కోసి, మెచ్చుకొని, లడ్డు తిని వెడలెను.

అయినను దానియం దొక లోపముండెను. కాయ జారుచుండెను, టెంక నలుగుచుండెను. ఊరగాయ పెట్టుటకు ముందునాడు వంటింట హైమవతి యా నలిగిన ముక్కలను జూచి విచారించుచుండగా మాణిక్యాంబ చేతిలోని యప్పడాల కఱ్ఱను దించకయే పలికెను.

"కాయని పడుకోబెడితే నలగక ఏం చేస్తుంది? కూర్చోబెట్టు."

అనగా వెడల్పు ప్రక్కను గాక సన్నని యంచుపై నిలుపవలెనని యర్థము. అట్లు నిలుపుటకు చెక్కలో పడవ యాకారమున గాడి యుండవలెనని కూడ ఆమెయే పిండితో అప్పడాల పీటపై గీసి చూపెను. హైమవతి యొక వేపచెక్కపై నా గాడిని దొలిచి, కాయ కదలకుండ నిరుప్రక్కల రెండు స్ప్రింగులను బిగించి, కత్తిపీట యడుగున సారెలో వచ్చిన మద్దిచెక్కను విప్పి దాని స్థానమున నమర్చెను. కత్తి దిగినంతనే టెంక నడిమి యతుకు వెంబడి విడి రెండు చిప్పలై నిలిచెను. కోడలు చప్పట్లు కొట్టెను. అత్తగారు అప్పడము లొత్తుకొనెను.

ఆ యింట నొక యాచారము కలదు. కలిపిన యావకాయను మూడవనాడు తిరుగగలిపి, ఉప్పు చూచువఱకు కత్తిపీట గడప దాటరాదు. పొరుగింటి శేషమ్మ మొదటినాడే వచ్చి యడుగగా మాణిక్యాంబ నిర్మొగమాటముగా లేదనెను. ఇంత చిన్న వస్తువున కింత పిసినితనమా యని హైమవతి లోలోపల సిగ్గుపడెను. నేడు మూడవనాడు. సాయంకాలము శేషమ్మ వచ్చి తీసికొని పోవలసియున్నది.

కళాశాలలో సుదక్షిణగారు తొలుత విద్యార్థులందఱకు మేధాసంపదను గూర్చి ప్రాథమిక విషయములు బోధించిరి. ముందు బల్లపై గూర్చున్న యొక విద్యార్థిని చేతి నీళ్ల సీసా నెత్తి చూపి, దానిపై ముద్రించిన రాతయు బొమ్మయు కాపీరైటుకును, పేరు ట్రేడ్‌మార్కుకును, చూడముచ్చటయైన యాకారము డిజైనుకును, నీరు చిందకుండ మూత పనిచేయు క్రొత్త తీరు పేటెంటుకును జెందునని వివరించిరి. ఆ తీరు క్రొత్తదై, తెలిసినవారి కెవ్వరికైనను వెంటనే తట్టునది కాక, ఉపయోగకరమై యుండవలెనని చెప్పిరి. పిమ్మట స్వరము మార్చకయే మఱియొకమాట యనిరి.

"దరఖాస్తు పంపకముందే నలుగురికీ చూపించారంటే అది ఇక కొత్తది కాదు. చూసినవాళ్ళు ఇంజనీర్లా, పక్కింటి పిన్నిగార్లా అని చట్టం అడగదు."

హైమవతి లేచి నిలువబడెను.

"మేడం, సారెలో పెట్టి చూపిస్తే?"

తరగతియంతయు నవ్వెను. సుదక్షిణగారు నవ్వలేదు.

"ఎంతమంది చూశారు?"

"వీధంతా. తలా ఒక కాయ కోశారు కూడా."

"ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నారా?"

"లేదండీ. లడ్డూ చేతిలో పెట్టాం."

పాఠమైన పిదప సుదక్షిణగారు ఆమెను, ఆమె మార్గదర్శకుడైన వల్లభరావుగారిని గూర్చుండబెట్టుకొని పటములను బరిశీలించిరి. రెండు కీళ్ల పిడి వీథి సొత్తయినదనియు, దానిపై నెవ్వరికిని హక్కు రాదనియు తేల్చిరి. సుదక్షిణగారి వేలు పటములోని గాడిపై నాగెను.

"ఇది ఎవరు చూశారు?"

"ఇంట్లోవాళ్ళం తప్ప ఎవరూ చూడలేదండీ. మా అత్తయ్యగారు గడప దాటనివ్వలేదు. ఇవాళ సాయంత్రం మాత్రం పక్కింటావిడ పట్టుకెళ్తారు."

"అయితే ఆవిడకంటే ముందు మన కాగితం వెళ్ళాలి. తాత్కాలిక వివరణతో ఇవాళే పంపుదాం. ఆవిష్కర్తల గడిలో మూడు పేర్లున్నాయి. మీ డిపార్ట్‌మెంటు హెడ్డుగారు ఇందులో ఏం ఆలోచించారు?"

వల్లభరావుగారు కంఠము సవరించుకొనిరి. "ఆయనేం ఆలోచించలేదండీ. ఆయన హెడ్డు. ప్రతిదాంట్లోనూ పేరు పెడతాం."

"మీరు?"

"బోల్టు సైజు చెప్పాను."

"ఆ గడిలో గౌరవాలు రాయకూడదు సార్. ఎవరి ఆలోచనో వాళ్ళ పేరే. తప్పు రాస్తే రేపు ఎవరైనా సవాలు చేసినప్పుడు పేటెంటే పోవచ్చు. గాడి ఆలోచన ఎవరిదమ్మా?"

హైమవతి పటములోని గాడిని చూచెను. నాది యనిన నది కాదనువా రెవ్వరును లేరు. కూర్చోబెట్టు అనిన స్త్రీకి తా నొక యావిష్కరణము చేసితినన్న స్పృహయే లేదు. గాడి పోయినచో తనకు మిగులునవి రెండు స్ప్రింగులు మాత్రమే. రెండేండ్లుగా ఆ దరఖాస్తుపై నొంటరిగా నుండవలెనని కోరుకొన్న తన పేరు ఆమె కన్నుల ముందు మెదలెను. దానితోడనే పీటపై పిండితో గీసిన పడవయు మెదలెను.

"మా అత్తగారిది," అని చెప్పెను. "స్ప్రింగులు నావి."

వల్లభరావుగారు తమ పేరును, హెడ్డుగారి పేరును దామే కొట్టివేసిరి. "హెడ్డుగారికి నేను చెప్పుకుంటాలే. నువ్వు బస్సు పట్టుకో."

సంతకము కావలసిన పత్రమును జేతబట్టుకొని యామె యిల్లు చేరునప్పటికి మూడు గంటలు దాటెను. శేషమ్మ ముందుగనే వచ్చి గడపకడ నిలిచియుండెను. మాణిక్యాంబ కత్తిపీటను గోనెసంచిలో జుట్టి తెచ్చుచుండెను.

"త్వరగా ఇవ్వు వదినా. ఇంకో రోజైతే నా కాయలు పండిపోయి రసం తీసుకోవాలి."

"అత్తయ్యగారూ, అది ఇవ్వకండి," అనెను హైమవతి వగర్చుచు.

శేషమ్మ బుగ్గపై వేలుంచుకొనెను. "బాగుంది వదినా. రెండు నెలలు తిరగకుండానే కోడలు తాళాలు పుచ్చుకుంది."

మాణిక్యాంబ ముఖము మాడెను. తా నిచ్చుచున్న వస్తువును కోడలు వలదనుట పొరుగువారి యెదుట నెంత మాటయో హైమవతి యెఱుగకపోలేదు. ఆమె గోనెమూటను మెల్లగా నందుకొనెను.

"కత్తిపీట పట్టుకెళ్ళండి పిన్నిగారూ. కింద చెక్క మాత్రం మార్చి ఇస్తాను. రెండు బోల్టులే."

"చెక్కలో ఏముందే, బంగారం దాచావా?"

"రేపు మీకే చూపిస్తాను. ముందు మీకే."

లోపలికి గొనిపోయి గాడి చెక్కను విప్పి సారెలో వచ్చిన మద్దిచెక్కను బిగించి తెచ్చి యిచ్చెను. శేషమ్మ దానిని జంకనబెట్టుకొని గొణుగుచునే వెడలెను. అంతట హైమవతి అత్తగారి యెదుట పత్రమును బఱచి విషయమెల్ల విన్నవించెను. మాణిక్యాంబ కోపము దిగలేదు గాని కన్నులు పత్రముపై నిలిచెను.

"నేనేం చేశానే? కాయని కూర్చోబెట్టమన్నాను."

"అదే రాశామండీ."

"అంతమాత్రానికి సంతకమా? నలభై ఏళ్ళుగా ఈ వంటింట్లో ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాను. ఎవరూ రాసుకోలేదు."

కారముతో ఎఱ్ఱనైన చేతిని కొంగున దుడిచికొని యామె నెమ్మదిగా, బడిలో నేర్చిన గుండ్రని యక్షరములతో, మాణిక్యాంబ యని వ్రాసెను. హైమవతి దాని క్రింద తన పేరు వ్రాసి ఫోనుతో ఛాయ తీసి సుదక్షిణగారికి పంపెను. అయిదు గంటలకు ముందే దరఖాస్తు సంఖ్య వచ్చెను. పేటెంటు వచ్చినది కాదు. అది వచ్చుటకు పరీక్షలును ఏండ్లును గలవు. కాని యా గాడి యే దినమున ఎవరి తలపున బుట్టినదో లోకమున నొకచోట నమోదైనది.

మఱునాడు శేషమ్మ గాడి చెక్కతో నూఱు కాయలు కోసి, కోడలికి తాళాలిచ్చుటలో తప్పులేదని తీర్పు చెప్పెను.

ఆ సాయంకాలమే మాణిక్యాంబ, కోడలి చేతనే ఉప్పు వేయించిన యా జాడీకి వాసెన కట్టెను. ప్రతి సంవత్సరమును ఆ తెల్లని గుడ్డపై బొగ్గుతో ఆ యేటి పేరును మాత్రమే వ్రాయు నలవాటుగల యామె యీమాఱు కొంచెము యోచించి క్రింద మఱి రెండు పంక్తులు చేర్చెను. కారము మాణిక్యాంబ. ఉప్పు హైమవతి.

"ఇదేమిటి అత్తయ్యగారూ?"

"ఉప్పు ఎక్కువైతే ఎవరిదో తెలియాలిగా."

మూసిపెట్టిన జాడీ యెల్లకాలము మూసియుంచుటకు గాదు. ఊరువఱకు గాపాడి పిమ్మట వీథియందలి ప్రతి యింటికిని పంచుటకే దానికి వాసెన. పంచునాడు పుచ్చుకొనువారు దానిని గలిపిన చేతులను దలచుకొందురు. ఆ చేతులు రెండైనచో రెండింటిని.