పది నిమిషాలు

మోకాలి మీది ఇసుక పూర్తిగా జారిపోయేదాకా ఆయమ్మ మగ్గుతో నీళ్ళు పోస్తూనే ఉంది. రెండో తరగతి పిల్ల గోడ పట్టుకుని కుయ్యో మొర్రో అంటోంది.

"ఊదకే తల్లీ, నోట్లో మురికంతా పుండులోకి పోతుంది. అదిగో, అయిపోయింది. మిగతా ఏడుపు బయటికెళ్ళి ఏడువు, అక్కడైతే చూసేవాళ్ళుంటారు."

పిల్ల నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. ఆయమ్మ గాయాన్ని మెత్తగా అద్ది, పట్టీ అంటించి, రిజిస్టరు తెరిచింది. పేరు, తరగతి, బాధ, చేసినది, ఫలితం. చివరి గడిలో 'తరగతికి పంపాము' అని రాసింది. ఇరవై రెండేళ్ళుగా ఆ గడిలో ఆమె ఎక్కువగా రాసిన మాట అదే.

మెట్ల కింద గది అది. పొడుగ్గా ఉన్నవాళ్ళు వంగి రావాలి. ఆయమ్మకి ఆ బాధ లేదు, మనిషే పొట్టి. రెండు బల్లలు, వాంతుల మీద పోయడానికి బకెట్టెడు ఇసుక, దూది, స్పిరిట్, గోడ మీద పిల్లల ప్రథమచికిత్స చార్టు. టేబులు మీద సైన్సు గదివాళ్ళు పారేసిన గంట గడియారం. మీట పదికి తిప్పితే ముల్లు వెనక్కి నడిచి, సున్నా దగ్గర గణగణమంటుంది. అందుకే పిల్లలు ఆమెను గంట ఆయమ్మ అనేవారు. అసలు పేరు హాజరుపట్టీలో ఉండే ఉంటుంది, ఎవరికి కావాలి?

తలనొప్పి, కడుపునొప్పి అని వచ్చినవాళ్ళని బల్ల మీద పడుకోబెట్టి, నుదుటి మీద తడిగుడ్డ వేసి, మీట తిప్పేది. లెక్కల పరీక్ష నొప్పయితే గంట మోగేలోపే మాయమయ్యేది. మోగాక కూడా ఉంటే నిజం నొప్పి. వెంటనే ఇంటికి ఫోను. మరో లెక్క కూడా ఉంది ఆమెకి. దొంగనొప్పి పిల్లలు మన మొహంలోకి చూస్తారు, నిజంగా నొప్పి ఉన్నవాళ్ళు నేలకేసి చూస్తారు.

పోయిన నెల ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె పొట్ట పట్టుకుని వచ్చి ఆయమ్మ మొహంలోకి చూసింది. గంట మోగగానే "తగ్గింది ఆయమ్మా" అని లేచి వెళ్ళింది కూడా. అబద్ధాలకోరు అంటారన్న భయంతో అలా చెప్పిందట. ఆ సాయంత్రం అపెండిక్స్ పగిలింది. పిల్ల బతికింది. ఆయమ్మ పరువు బతకలేదు.

రేపటి నుంచి చదువుకున్న నర్సు వస్తోంది. ఆయమ్మకి మరుగుదొడ్లు కడిగే పని. సాయంత్రం గది తాళంచెవి ఆఫీసులో ఇచ్చేయాలి. నర్సు కింద బకెట్లు మోస్తూనైనా ఆ గదిలోనే ఉండనివ్వమని అడగాలని వారం రోజులుగా ఆ ఒక్క మాటా నోట్లో నానుతోంది.

దానికి తోడు పొద్దుటి నుంచి ఎడమ దవడ లాగుతోంది. "పన్ను పీకించుకోవే అక్కా, ఎన్నాళ్ళు నా ప్రాణం తింటావు?" అని చెల్లెలు లవంగనూనెలో ముంచిన దూది ఇచ్చి పంపింది. భోజనాల వేళకి ఆ లాగుడు మోచేతి దాకా దిగింది. ఒళ్ళంతా చెమట. చెయ్యి నొప్పంటే కిందపడటం, దవడ నొప్పంటే పన్ను, చెమటంటే ఎండలో పరుగు. ఆయమ్మ నేర్చుకున్నదంతా పిల్లల ఒళ్ళు చూసి నేర్చుకున్నదే. పెద్దవాళ్ళ జబ్బులు ఆ చార్టులో లేవు.

మెట్లెక్కి, మధ్యలో రెండుసార్లు ఆగి, పెద్ద మేడమ్ గదికి వెళ్ళింది.

"మేడమ్, నర్సమ్మగారు వచ్చాక నన్నూ ఆ గదిలోనే ఉండనివ్వండి. ఆవిడ చెప్పిందే చేస్తాను."

పెద్ద మేడమ్ సంతకాలు ఆపలేదు. "నీ వైద్యం చాల్లే. ఒక పిల్ల ప్రాణం మీదికి తెచ్చావు."

ఆయమ్మకి ఏడుపొచ్చింది. దాన్ని మింగేసి, "అయితే ఇవాళ కాస్త ముందు పంపండి మేడమ్. దవడ, చెయ్యి ఒకటే లాగుడు. డాక్టరుకి చూపించుకుంటాను," అంది.

ఇప్పుడు కలం ఆగింది. "తాళంచెవి ఇమ్మన్న రోజే వచ్చిందా నొప్పి? ఇన్నేళ్ళూ పిల్లల దొంగనొప్పులు పట్టుకున్నావు, నీకు నేను చెప్పాలా? వెళ్ళి పది నిమిషాలు పడుకో. అదే తగ్గుతుంది."

పక్కనున్న గుమాస్తా కిసుక్కున నవ్వాడు. ఆయమ్మ మేడమ్ మొహంలోకి చూసింది. తన లెక్క తనకే గుర్తొచ్చి గబుక్కున తల దించుకుంది. అప్పటికే ఆలస్యమైంది.

కిందికి వచ్చేసరికి అయిదో తరగతి పిల్ల ముక్కులోంచి నెత్తురు కారుతూ నిలబడి ఉంది. తల వెనక్కి వాల్చి ఆకాశం చూస్తోంది.

"ముందుకు వంచు. ఆ నెత్తురంతా కడుపులోకి పోతే కక్కుకుంటావు. ఇదిగో, ఈ మెత్తటి చోట గట్టిగా పట్టుకో. నోటితో ఊపిరి తీసుకో. గంట మోగేదాకా వదలకు."

పిల్లను కూర్చోబెట్టి మీట తిప్పింది. పిల్ల పేరు రిజిస్టరులో రాసింది. కింది వరుసలో తన పేరు రాయబోయి, ఎందుకనో ఆగి 'ఆయా' అని రాసింది. తరగతి దగ్గర గీత. బాధ: దవడ, చెయ్యి. చేసినది: పది నిమిషాలు. తడిగుడ్డ నుదుటి మీద వేసుకుని రెండో బల్ల మీద పడుకుంది.

"నీకూ పది నిమిషాలే, నాకూ పది నిమిషాలే. ఎవరిది దొంగనొప్పో చూద్దాం."

పిల్ల ముక్కు పట్టుకునే నవ్వింది. గంట మోగాక కూడా నొప్పి ఉంటే నిజమన్నట్టే. అప్పుడు మేడమ్ కాదనలేదు. ఆ ధీమాతో ఆయమ్మ కళ్ళు మూసుకుంది.

గంట మోగి ఆగింది.

"ఆయమ్మా, నెత్తురు ఆగిపోయింది. వెళ్ళనా?"

పిల్ల రెండో బల్ల దగ్గరికి వెళ్ళి చూసింది. బిగపట్టిన దవడ వదులైంది, చెమట కూడా ఆరుతోంది. నొప్పి తగ్గి నిద్రపోతోందనుకుంది పిల్ల. మంచి పిల్ల. పెద్దవాళ్ళ నిద్ర చెడగొట్టకూడదని బూట్లు చేత్తో పట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్ళింది.

బడి వదిలాక తాళంచెవి కోసం వచ్చిన వాచ్‌మన్, "ఏంటమ్మా, ఆఖరి రోజని బల్లకి అతుక్కుపోయావా? లే, నేనూ ఇంటికెళ్ళాలి," అని పాదం పట్టుకుని ఊపాడు. పట్టుకున్న చెయ్యి వెంటనే తీసేశాడు.

మర్నాడు ప్రార్థనలో పెద్ద మేడమ్ ఆయమ్మ సేవల గురించి చెప్పి కళ్ళు తుడుచుకుంది. అందరూ మౌనంగా నిలబడ్డారు. ఎండకి ఇద్దరు పిల్లలు కళ్ళు తిరిగి పడ్డారు. కొత్త నర్సుకి అదే మొదటి పని. వాళ్ళ కాళ్ళు ఎత్తులో పెట్టి, తేరుకున్నాక రాయడానికి రిజిస్టరు తెరిచింది.

"మేడమ్, ఆఖరి రెండు వరుసల్లో ఫలితం రాయలేదు."

మేడమ్ గుమ్మంలోంచే, "తనిఖీ వాళ్ళు ఖాళీలు ఒప్పుకోరు. పైన ఏముంటే అదే రాసెయ్," అంది.

నర్సు పైకి చూసి, రెండు గళ్ళలోనూ 'తరగతికి పంపాము' అని గుండ్రంగా రాసింది. మోచేతికి అడ్డం వస్తోందని గంట గడియారాన్ని టేబులు అంచుకి జరిపింది. దాని ముల్లు సున్నా మీదే ఉంది. మీట మీద నల్లరంగు అరిగిపోయి, ఒక వేలికీ బొటనవేలికీ సరిపోయినంత మేర ఇత్తడి మెరుస్తోంది.