లేటు భవాని తెడ్డు

పడవ కదలలేదు.

ఐదుగురు అమ్మాయిలు ఐదు తెడ్లతో నీళ్లని చావబాదుతున్నారు. పడవ వెనక భాగంలో చుక్కాని పట్టుకుని కూర్చున్న జాయ్స్ గొంతు చించుకుని లెక్క పెడుతోంది. "ఏక్, దో. ఏక్, దో." విశాఖపట్నం జెట్టీ పక్కన ఆ ఇరవై ఏడడుగుల పడవ మాత్రం బురదగుంటలో పడుకున్న గేదెలా అటూ ఇటూ ఒళ్లు కదిపి, ఉన్నచోటనే ఉండిపోయింది.

జెట్టీ మీద కూర్చుని కాళ్లూపుతున్న సిటీ కాలేజీ అమ్మాయిలకి అంతకంటే మంచి కాలక్షేపం ఎక్కడ దొరుకుతుంది?

"అనకాపల్లి బెల్లం దిమ్మలే. ఎక్కువసేపు నీళ్లలో ఉంచకండి, కరిగిపోతాయి," అంది ఒకమ్మాయి.

మూడో తెడ్డు లాగుతున్న మెహజబీన్ తల తిప్పింది. "కరిగితే మీకే మంచిది. ఉప్పునీళ్లు తాగి బతుకుతున్నారు, ఓ పూట పానకం తాగుదురు గాని."

అంటూ ఉండగానే ఆమె తెడ్డు నీళ్లలో నిలువునా దిగబడింది. పిడి వచ్చి కడుపులో పొడిచింది. మెహజబీన్ వెల్లకిలా పడింది. జెట్టీ మీద చప్పట్లు మోగాయి.

జాయ్స్‌కి చెవులు కాలిపోయాయి. ఆమె అనకాపల్లి డిగ్రీ కాలేజీలో ఎన్‌సీసీ నేవీ విభాగానికి సీనియర్ కేడెట్. ఫైనలియర్. ఇంకో ఇరవై ఒక్క రోజుల్లో తెడ్ల పడవల పోటీ. గెలిచిన జట్టు అఖిల భారత నౌకాదళ శిబిరానికి వెళ్తుంది. నేవీలో ఆఫీసరు కావాలన్నది జాయ్స్ కోరిక. ఇంటర్వ్యూలో 'ఆ శిబిరానికి వెళ్లొచ్చాను సార్' అని చెప్పగలిగిన కేడెట్ దారి వేరు, చెప్పలేని కేడెట్ దారి వేరు. వచ్చే ఏడాది తను కాలేజీలోనే ఉండదు. ఉన్నది ఈ ఒక్క పోటీ.

అనకాపల్లిలో వాళ్లకి పడవ లేదు. శారదా నదిలో వానాకాలం తప్ప పడవ తేలేటన్ని నీళ్లూ ఉండవు. అందుకని రెండు నెలలుగా కాలేజీ వరండాలో బెంచీల మీద కూర్చుని, వెదురు గెడలు పట్టుకుని సాధన చేశారు. గాలిని ఎంత లాగినా అది ఎదురు తిరగదు. అందరూ బ్రహ్మాండంగా లాగుతున్నట్టే కనిపించారు. పైగా ఆ ఐదుగురినీ జాయ్స్ పరేడ్ స్క్వాడ్‌లోంచి ఏరి తెచ్చుకుంది. ఆ ఏడాది పరేడ్‌లో మొదటి బహుమతి వాళ్లదే. ఎవరి అడుగు తన లెక్క మీద కచ్చితంగా పడుతుందో వాళ్లకే తెడ్డు. అంతే ఆమె కొలబద్ద.

"పైకి రండి," అన్నాడు జుల్ఫికర్ సాబ్ జెట్టీ మీంచి.

ఆయన ఎన్‌సీసీ శిక్షకుడు. పుట్టింది అనకాపల్లిలోనే గాని పద్దెనిమిదేళ్లు నేవీలో పనిచేసి వచ్చాడు. కోపం వస్తే గొంతు తగ్గిపోయే మనిషి. ఇప్పుడాయన గొంతు అసలు వినపడటమే లేదు.

"బేటీ, పడవ చేత పరేడ్ చేయిస్తున్నావు నువ్వు. దానికి కాళ్లు లేవు."

జాయ్స్ తల దించుకుంది.

"నిమిషానికి నలభై సార్లు వేస్తున్నారు తెడ్డు. ఒక్కసారి లాగాక పడవ దానంతటది కొంత దూరం పరిగెడుతుంది. ఆ పరుగు అయ్యేదాకా ఆగాలి. ఆగకుండా మళ్లీ మళ్లీ పొడిస్తే ఆ పరుగుని మీరే చంపేసినట్టు. వచ్చే ఆదివారం మళ్లీ చూస్తాను. అప్పటికీ కదలకపోతే మన కాలేజీ పేరు కొట్టేస్తాను."

ఆయన ఇంకా ఏదో అనబోయి ఆగి, జాయ్స్ భుజం మీదుగా చూశాడు.

జెట్టీ చివర ఒకమ్మాయి పడవ తాడు పట్టుకుని ఒంటరిగా నిలబడి ఉంది. సామాన్లు మొయ్యడానికి వచ్చిన కేడెట్ గంగాభవాని. గాలికి పడవ దూరం జరిగిపోతోంది. ఆమె కంగారు పడలేదు. అల వెనక్కి పోతుంటే తాడు బిగబట్టి ఊరుకుంది. అల వచ్చి పడవని ఇటు ఎత్తగానే ఒంటిని వెనక్కి వాల్చింది. మళ్లీ ఊరుకుంది. మళ్లీ వాలింది. ఆరుగురు కలిసి కదపలేని పడవ మాలిమి చేసిన దూడలా వచ్చి జెట్టీని ఆనుకుంది.

"ఆ అమ్మాయి జట్టులో లేదా?"

"స్క్వాడ్‌లోంచే తీసేశాం సార్. అడుగు ఎప్పుడూ అరక్షణం లేటు."

"దేనికి లేటు?"

"నా లెక్కకి సార్."

"నీ లెక్కకి సముద్రం కూడా లేటే," అని జుల్ఫికర్ సాబ్ వెళ్లిపోయాడు.

*

మర్నాడు కాలేజీ కేంటీన్లో గంగాభవాని ఎదురుగా జాయ్స్ కూర్చుంది. పక్కన మెహజబీన్. భవాని రాంబిల్లి దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె నుంచి రోజూ బస్సు మీద వస్తుంది. ఇడ్లీ తింటూ తలెత్తలేదు.

"జట్టులోకి రావాలి నువ్వు," అంది జాయ్స్.

"నాను లేటు కదేటి."

మెహజబీన్ జాయ్స్ వైపు చూసింది.

"లేటు భవాని. ఆ పేరెట్టింది ఎవలు? గ్రౌండులో అందరి ముందూ నువ్వే ఎట్టేవు. ఇప్పుడు బస్సు కండక్టరు కూడా అలాగే పిలుత్తన్నాడు."

"తప్పయింది నాది."

భవాని ఇడ్లీ ముక్కని చట్నీలో నిదానంగా ముంచింది. ఆమెకి ఏ పనికీ తొందరుండదు. జాయ్స్‌కి అదే ఒళ్లు మండించేది.

"తప్పయిందని నోటితో అంటే నాకేటొత్తాది? శనివారం తెల్లారేసరికి మా ఊరు రండి. ఐదుగురూ రావాల. మా అయ్య వాళ్లతో అలివి వల లాగాల. ఆ తరవాత నాను తెడ్డు అట్టుకుంతాను."

"అలివి వల అంటే?" అడిగింది మెహజబీన్.

"ఒడ్డున నిలబడి లాగే పెద్ద వల. లాగితే తెలుత్తాది."

"చేపలు ఇస్తారా?"

"నువ్వు లాగినదాన్ని బట్టి."

"అయితే నాకు వేలెడంత నెత్తళ్లు కూడా రావు," అంది మెహజబీన్. భవాని మొదటిసారి నవ్వింది.

ఒక చిక్కు మిగిలింది. భవాని రావాలంటే ఐదుగురిలో ఒకరు దిగాలి. జాయ్స్‌కి ఎదురుగా, అందరికంటే వెనక కూర్చుని మిగిలిన నలుగురికీ వేగం చూపించే తెడ్డు షెకీనాది. భవాని కూర్చోవలసింది ఆ చోటే. షెకీనా, జాయ్స్ ఒకే వీధి, ఒకే చర్చి. ఆదివారం పాటల్లో ఒకే పుస్తకం పట్టుకుంటారు.

"నేనేం తప్పు సేసేను?" అంది షెకీనా.

"ఏమీ చెయ్యలేదు. నేనెలా చెప్పేనో అలాగే లాగేవు. నేను చెప్పిందే తప్పు."

"తప్పు నీదైతే నన్ను దింపుతావేటి?"

షెకీనా యూనిఫాం టోపీ తీసి మడిచి బ్యాగులో పెట్టుకుంది. రిజర్వుగా ఉంటానని జుల్ఫికర్ సాబ్‌కి చెప్పింది. జాయ్స్‌తో మాత్రం మాట్లాడటం మానేసింది.

*

శనివారం తెల్లవారేసరికి జాయ్స్, ఆమె నలుగురు అమ్మాయిలు రాంబిల్లి ఇసకలో తాడు పట్టుకుని నిలబడి ఉన్నారు. పట్టిన తాడు పిడికిలి నిండా ఉంది. అవతలి కొస సముద్రంలో ఎక్కడుందో కనిపించలేదు. ముందర భవాని తండ్రి పరదేశి, ఆయన వెనక పాతికమంది.

జాయ్స్ అలవాటు కొద్దీ అంది. "ఏక్."

జనం ఆగిపోయి వెనక్కి చూశారు.

"ఎవలే ఈ పాప? పోలీసోలా అరుత్తన్నాది," అన్నాడొకతను.

"మా సీనియరు," అంది భవాని. నవ్వులు ఒడ్డు పొడుగునా పాకాయి.

పరదేశి జాయ్స్ దగ్గరికి వచ్చాడు. ఆమె ముంజేతులు చూసి తల అడ్డంగా ఊపాడు.

"సేతులతోటి లాగకమ్మా. సేతులు తాడు అట్టుకోడానికే. ఒంటిని ఎనక్కి వాల్చు, మడమలు ఇసకలో దిగెయ్యి. కెరటం ఎనక్కి పోయినప్పుడు వల దానిది. అప్పుడు లాగేవనుకో, నీ రెక్కలిరిగిపోతాయి గాని జానెడు రాదు. అది ఇటొచ్చినప్పుడు నీది. తీసుకో."

"ఎప్పుడొస్తుందో ఎలా తెలుస్తుంది?"

"నువ్వు అరవడం మానేత్తే తెలుత్తాది."

గంటన్నర లాగారు. మొదటి అరగంట జాయ్స్ ప్రతిసారీ ముందే వాలిపోయింది. తాడు ఆమెనే ఈడ్చింది. రెండుసార్లు బోర్లా పడింది. ఆ తర్వాత విసిగి నోరు మూసుకుంది. అప్పుడు తెలిసింది. అరికాళ్ల కింద ఇసక కొంచెం వదులయ్యేది. తాడు బరువు ఒక్క క్షణం తేలికయ్యేది. పక్కనే ఉన్న భవాని భుజాలు సరిగ్గా అప్పుడు వెనక్కి వాలేవి. పరేడ్ గ్రౌండులో అందరికంటే అరక్షణం వెనక పడ్డ అడుగు అదే. చిన్నప్పటి నుంచీ ఆ పిల్ల వినడం నేర్చుకున్నది కెరటం మాట, జాయ్స్ మాట కాదు.

వల ఒడ్డుకొచ్చింది. మెహజబీన్‌కి నెత్తళ్లు కాదు, రెండు పెద్ద వంజరాలే దొరికాయి. వాటిని బస్సులో ఒళ్లో పెట్టుకుని అనకాపల్లి దాకా తెచ్చింది. పక్క సీట్లో కూర్చోడానికి ఎవరూ రాలేదని చాలా సంతోషించింది.

ఆదివారం జెట్టీ దగ్గర పడవ కదిలింది. జుల్ఫికర్ సాబ్ వాచీ చూసుకున్నాడు. నిమిషానికి ఇరవై ఎనిమిది. వాచీ జేబులో పెట్టుకున్నాడు. జట్టు పేరు కొట్టెయ్యలేదు.

*

పోటీ రోజున నాలుగు పడవలు. ఒక కిలోమీటరు.

తుపాకి పేలగానే సిటీ కాలేజీ పడవ దూసుకుపోయింది. వాళ్ల తెడ్లు నిమిషానికి ముప్పై ఆరు పడుతున్నాయి. జాయ్స్ పడవ ఇరవై ఎనిమిది మీదే ఉంది. భవాని వాలితే వెనక నలుగురూ వాలుతున్నారు. భవాని ఆగితే ఆగుతున్నారు. జాయ్స్ చుక్కాని పట్టుకుని, ఆ భుజాలు కదిలిన క్షణానే "లాగు" అంటోంది. అంతకు మించి ఒక్క మాట లేదు.

తెడ్డు లాగేవాళ్లు వీపు గమ్యం వైపు పెట్టి కూర్చుంటారు. వెనకబడ్డ పడవలే వాళ్లకి కనిపిస్తాయి. ముందున్న పడవ కనిపించదు. చూడగలిగేది చుక్కాని దగ్గరున్న మనిషొక్కతే. సగం దూరం వచ్చేసరికి జాయ్స్ చూసింది: సిటీ పడవ తమకంటే పడవన్నర ముందుంది.

"రెండు పడవలే కనిపిస్తున్నాయి," మెహజబీన్ రొప్పుతూ అంది. "మూడోది ముందుంది కదా? ఎంత ముందుంది?"

జాయ్స్ కళ్లు ముందున్న పడవ మీదే ఉన్నాయి.

"జాయ్స్, లెక్క పెంచవే. పోతాం ఇలాగైతే."

జాయ్స్ నోరు తెరిచింది. రెండేళ్లు గ్రౌండులో అరిచిన 'ఏక్, దో' నాలిక చివర ఉంది. ఇప్పుడు అరవకపోతే శిబిరం లేదు, ఇంటర్వ్యూలో చెప్పుకోడానికి ఏమీ లేదు. జెట్టీ మీద వందమంది. ఆ గుంపులో షెకీనా. ఎదురుగా రెండడుగుల దూరంలో భవాని ముఖం. చెమట కళ్లలోకి కారుతున్నా ఆ కళ్లు నిదానంగా జాయ్స్‌నే చూస్తున్నాయి. వద్దు అన్నట్టు తల కొంచెం ఊగింది.

జాయ్స్ నోరు మూసుకుంది. భుజాలు కదిలాయి.

"లాగు," అంది.

అలల్ని ఆపే రాళ్ల అడ్డుగోడ చాటు దాటగానే బయటి సముద్రం గాలి తగిలింది. నీళ్లు ఎగిసిపడటం మొదలైంది. సిటీ పడవ వాళ్లు అదే వేగంతో తెడ్లు వేశారు. అల కిందికి జారిన చోట తెడ్డు గాలిని కొట్టింది. అల ఎత్తిన చోట పిడి దాకా మునిగింది. రెండో తెడ్డు అమ్మాయి తడబడింది, ఆమె తెడ్డు వెనకామె తెడ్డుకి తగిలింది. వాళ్ల చుక్కాని పిల్ల ఇంకా గట్టిగా, ఇంకా తొందరగా అరిచింది. జాయ్స్‌కి ఆ గొంతు బాగా తెలిసినట్టనిపించింది.

ఇటు భవాని అల కోసం ఆగింది. వచ్చింది. తీసుకుంది. పడవ ముక్కు లేచి ముందుకి జారింది. జాయ్స్ చుక్కాని వెంట్రుకవాసి తిప్పి పడవని అల వీపు మీద నిలిపింది. మళ్లీ ఆగారు. మళ్లీ తీసుకున్నారు. పడవన్నర దూరం కాస్తా ఒక్క పడవకి తగ్గింది. అర పడవ అయింది.

అప్పుడు మెహజబీన్ కంటి కొసన ఏదో తెల్లగా కదిలింది. ఒక పడవ వెనక భాగం. చుక్కాని. జుట్టు ముడి జారిపోయిన ఒకమ్మాయి. సిటీ కాలేజీ పడవ మెల్లగా, తెడ్డు తెడ్డుకీ కాస్త చొప్పున, వాళ్ల కళ్ల ముందుకి జరిగి వస్తోంది.

"కనిపిస్తున్నారు," అంది మెహజబీన్. "జాయ్స్, వాళ్లు కనిపిస్తున్నారే."

వంద మీటర్లు మిగిలాయి. భవాని నోరు విప్పింది.

"ఇప్పుడు అరుసుకో."

జాయ్స్ అరిచింది. అనకాపల్లి గ్రౌండులో పావురాలు లేచిపోయే గొంతు అది. ఐదు తెడ్లు ఒక్క తెడ్డులా నీళ్లని పట్టాయి. ముప్పై. ముప్పై రెండు. ముప్పై నాలుగు. గమ్యం దగ్గర హారన్ మోగింది. సిటీ పడవ నిండు పొడుగూ వాళ్ల కళ్ల ముందు ఉంది.

నిబంధన ప్రకారం గెలిచిన జట్టు తెడ్లు నిలువుగా ఎత్తి వందనం చెయ్యాలి. జాయ్స్ ఆజ్ఞ ఇచ్చింది. నాలుగు తెడ్లు ఒక్కసారి లేచాయి. ఐదోది అరక్షణం తర్వాత లేచింది. జెట్టీ మీద జుల్ఫికర్ సాబ్ దానికి కూడా సెల్యూట్ చేశాడు.

*

మధ్యాహ్నం షెడ్డులో బిరియానీ పళ్లేలు పెట్టారు. శిబిరానికి వెళ్లే ఏడుగురి పేర్లూ, రిజర్వుతో సహా, జుల్ఫికర్ సాబ్ అప్పుడే రాసుకుని వెళ్లాడు. ఐదుగురూ పళ్లేల ముందు కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. అరచేతులు పొంగి, పగిలి, వేళ్లు ముడుచుకోవడం లేదు. మెహజబీన్ ఓసారి అన్నంలో చెయ్యి పెట్టి, మసాలా మంటకి కెవ్వుమని తీసేసుకుంది.

"పందెం గెలిచి ఆకలితో చచ్చేరని రాస్తారు పేపర్లో," అంది.

జాయ్స్ పళ్లెం అందుకుంది. చేతులు బాగున్నది తనకే. ముద్ద కలిపి భవాని నోటి ముందు పెట్టింది. భవాని నిదానంగా నోరు తెరిచింది.

"తొందరగా తినవే తల్లీ, ఇంకా నలుగురున్నారు," అంది జాయ్స్.

వెనక నుంచి ఎవరో వచ్చి పక్కన మఠం వేసుకుని కూర్చున్నారు. షెకీనా. పంతొమ్మిది రోజులుగా మాట్లాడని షెకీనా. ఇంకో పళ్లెం ముందుకి లాక్కుని చేతులు తుడుచుకుంది.

"నీకు కలపడం రాదు గాని, ఇటు ముగ్గురినీ నేను సూసుకుంతాను," అంది. "నువ్వు ఆ ఇద్దరికీ పెట్టు."