ఎర్రగచ్చు మీద వరినాట్లు

పిల్లలూ, ఈ కథ మీకు ఎవరూ చెప్పలేదు. మీ నాన్న చెప్పరు. అడిగితే "ఏదోలే" అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటారు. పెళ్ళై ఆ ఇంటికి వెళ్ళాక మీ రిబ్కా నాయనమ్మ చెప్పిందీ, పక్కింటి కోటేశ్వరమ్మగారు చెప్పిందీ విన్నాను. విన్నది విన్నట్టే చెప్తాను. ఇద్దరి మాటా కలవని చోట కలవలేదనే చెప్తాను. భిలాయిలో మూడో అంతస్తులో పెరుగుతున్న మీకు నేల ఎక్కడో కిందుంటుంది. ఇంట్లోకి పొలం రావడమేంటో మీకు అర్థం కావాలంటే ముందు ఆ కాలనీ సంగతి తెలియాలి.

ఎనభైల మొదట్లో వీరరాఘవయ్యగారని ఒక ఆసామి తెనాలి దాటాక అంగలకుదురు వైపున్న తన మాగాణిని ప్లాట్లు వేశారు. హద్దురాళ్ళు పాతి, వాటికి సున్నం కొట్టి, మధ్యలో వదిలిన జాగాని రోడ్డన్నారు. ఊళ్ళో అద్దెలు భరించలేని గుమాస్తాలు, టీచర్లు, ఒక కంపౌండరు, మగ్గం వదిలేసి పేరాల నుంచి వచ్చిన ఒక కుటుంబం అక్కడ కొనుక్కున్నారు. కాగితాల మీద దానికి ఏదో నగర్ అని పేరుంది. ఊళ్ళోవాళ్ళు మాత్రం "చేలో ఇళ్ళు" అనేవాళ్ళు.

చినుకు పడితే రిక్షా కాలనీ మొదట్లో కాలవ మీదున్న తూము దాటి వచ్చేది కాదు. "ఇక నడవండి బాబూ, ఇది మీ రాజ్యం" అని రిక్షావాళ్ళు దింపేసేవాళ్ళు. పోస్టుమాన్ ఉత్తరాలు రోడ్డు మీద టీకొట్లో పడేసి పోయేవాడు. బజారుకి వెళ్ళాలంటే చెప్పులు సంచిలో పెట్టుకుని, సైకిలున్నవాళ్ళు సైకిలు భుజాన వేసుకుని, బురదలో తూము దాకా నడవాలి. అక్కడ పిల్లకాలవలో కాళ్ళు కడుక్కుని చెప్పులు తొడుక్కునేవాళ్ళు. తడి పాదాలతో బట్టలకొట్లోకి అడుగుపెడితే చాలు, "చేలో ఇళ్ళ నుంచా అమ్మా?" అని అడిగేవాళ్ళు. ఆ ప్రశ్నకి రిబ్కాకి ప్రతిసారీ తల కొట్టేసినట్టుండేది.

రిబ్కా భర్త కృపారావు రేపల్లెలో ఒక ఆఫీసులో గుమాస్తా. పొద్దున్నే పాసింజరు ఎక్కితే దీపాలు పెట్టాకే ఇంటికి రావడం. వాళ్ళది మూల ప్లాటు. మధ్యలో పెద్ద తుమ్మమొద్దు ఉందని ఎవరూ కొనలేదు, అందుకే వీళ్ళకి వచ్చింది. మొద్దు తవ్వి తీయించి, ఆ చోటే ముందుగది కట్టుకున్నారు. పెళ్ళై చాలా ఏళ్ళైనా పిల్లల్లేరు. పగలంతా ఆ ఇంట్లో రిబ్కా, గోడ మీద బల్లి.

ఇక పొలం సంగతి. కాలవలకి నీళ్ళు వదిలారని తెలిసిన కొన్నాళ్ళకి, మధ్యాహ్నం అన్నాలు తిని అంట్లు బయట వేసే వేళకి, ఇళ్ళల్లో నాట్లకి దమ్ము చేసిన బురదమడి వాసన వచ్చేది. ఎర్రగచ్చు మీద నీళ్ళ మెరుపు పరుచుకునేది, కానీ చెయ్యి పెడితే తడి తగిలేది కాదు. ఆ తర్వాత తూర్పు గోడలోంచి నాట్లవాళ్ళు వచ్చేవాళ్ళు. చీరలు మోకాళ్ళ పైకి దోపుకుని, నడుములు వంచి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ గచ్చులో నారు గుచ్చుకుంటూ ఈ ఇంట్లోంచి పక్కింట్లోకి పోయేవాళ్ళు. వాళ్ళకి మనం కనపడం. ముట్టుకోబోతే చెయ్యి గాల్లో పోయేది. సాయంత్రానికి నారూ ఉండేది కాదు, వాళ్ళూ ఉండేవాళ్ళు కాదు. చుట్టాలెవరైనా వస్తే, "కాళ్ళు మంచం మీదకి తీసుకోండి అన్నయ్యగారూ, నాట్లవాళ్ళొచ్చే వేళైంది" అనేవాళ్ళు. చుట్టాలు కాళ్ళు తీసుకునేవాళ్ళు.

ఆ వరసలో వాళ్ళందరూ చచ్చిపోయినవాళ్ళేం కాదు. పొలం ప్లాట్లయ్యాక కూలి పోయిన ఆడవాళ్ళు కొందరు అదే కాలనీలో అంట్లు తోమేవాళ్ళు. దానమ్మ కోటేశ్వరమ్మగారి వంటింట్లో తన పడుచుతనం నాట్లు వేస్తుంటే చూసి, "చూడమ్మా, ఎంత సన్నగా ఉండేదాన్నో. మా ఆయన ఊరికే వెంటపడ్డాడా?" అనేది.

"ఇప్పుడు వెంటపడేది పిల్లులే. ముందా గిన్నె తోము" అనేవారు కోటేశ్వరమ్మగారు.

జ్ఞానమ్మ కూడా ఆ ముఠాలోదే. ముఠాకి పాట ఎత్తేది ఆమే. వరినాట్లలో పాట ఎత్తేదాన్ని బట్టే అందరి చేతులూ ఆడతాయి. ఆమె ఆగితే వరస ఆగుతుంది, అందుకని గట్టు చేరేదాకా ఆమె ఆగకూడదు. అది కట్టుబాటు. ముసలిదైపోయిన జ్ఞానమ్మ కాలనీలో అన్ని ఇళ్ళల్లో పనిచేసేది, ఒక్క రిబ్కా గడప తప్ప. ఆ ఇంటి ముందు నుంచి కూడా నడవకుండా బురదలో చుట్టు తిరిగి పోయేది.

కారణం ఉయ్యాల. నాట్ల రోజుల్లో రిబ్కా ముందుగదిలో, తుమ్మచెట్టు ఉండిన చోట, పాత చీరతో కట్టిన ఉయ్యాల గాల్లో వేలాడేది. అందులో పసివాడు ఏడ్చేవాడు. వంటింట్లో పాట నడుస్తూనే ఉండేది. ఏడ్చి ఏడ్చి, ఒక మధ్యాహ్నం ఆ ఏడుపు ఆగిపోయేది. అంతటితో ఆ యేటికి సరి.

"నిద్రపోయాడనుకున్నాం అందరం" అని దానమ్మ ఒకసారి రిబ్కాకి చెప్పింది. "జ్ఞానమ్మ తల తిప్పి చూసింది గానీ పాట ఆపలేదు. గట్టు ఎక్కి చూసేసరికి ఒళ్ళు చల్లబడిపోయింది. యోబు పేరు."

లూథరన్ సమాధుల తోటలో ఆ బిడ్డ సమాధి రిబ్కా చూసింది. రెండు ఇటుకలంత ఉండేది. ఈస్టరు ముందు జ్ఞానమ్మ దానికి సున్నం వేసుకునేది, ఎవరితోనూ మాట్లాడకుండా.

ప్రతి యేడూ ఆ రోజులకి రిబ్కా బాపట్లలో పుట్టింటికి వెళ్ళిపోయేది. ఒక యేడు వేసవిలో తల్లి పోయింది. ఇక వెళ్ళడానికి చోటు లేక ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం ఏడుపు చాలాసేపు సాగింది. రిబ్కా చెవులు మూసుకుంది, రేడియో పెట్టింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, వంగి నారు గుచ్చుతున్న పడుచు జ్ఞానమ్మ ముందు కూర్చుని, "ఒక్కసారి వెళ్ళి చూసుకో తల్లీ" అంది. జ్ఞానమ్మ తల ఉయ్యాల వైపు తిరిగింది. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. నోట్లో పాట మాత్రం తెగలేదు. ముందుగదిలో ఏడుపు సన్నబడింది.

రిబ్కా లేచి వెళ్ళి ఉయ్యాల్లోకి చేతులు పెట్టింది. చేతులు గాల్లో పోతాయనుకుంది. పోలేదు. పిల్లాడు బరువుగా తగిలాడు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

కోటేశ్వరమ్మగారు వచ్చి చూసి, "జ్వరం నెత్తికెక్కింది. తడిగుడ్డ వేసి డాక్టరు దగ్గరికి నడు. రిక్షా కోసం చూడకు, రాదు" అన్నారు. రిబ్కా బిడ్డని ఎత్తుకుని బురదలో పడి తూము దాకా వెళ్ళింది. కాళ్ళు కడుక్కోలేదు. మోకాళ్ళ దాకా బురదతో ఊళ్ళోకి వెళ్ళిన మొదటి మనిషి ఆమేనని కోటేశ్వరమ్మగారు చెప్పేవారు.

డాక్టరు ఇంజెక్షను చేశాడు. చీకటి పడకముందే వేడి దిగింది. తిరిగొచ్చేసరికి కోటేశ్వరమ్మగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"ఆ పిల్ల గట్టెక్కి వచ్చింది" అన్నారు ఆవిడ. "ఉయ్యాల ఖాళీ. గుడ్డ దులిపింది, మళ్ళీ దులిపింది. చెట్టు చుట్టూ తిరిగింది. కాలవలోకి దిగి చూసింది. నేను ఇంట్లోకి వెళ్ళిపోయా, చూడలేక."

కృపారావు వచ్చి మంచం మీద పిల్లాణ్ణి చూశాడు.

"ఎవరబ్బాయి?"

"ఉయ్యాల్లో వాడండి."

ఆయన "పాలసీసా కావాలిగా" అని, విప్పబోయిన చొక్కా గుండీలు మళ్ళీ పెట్టుకుని ఊళ్ళోకి బయల్దేరాడు.

ఇక్కడే ఇద్దరి మాటా కలవదు. మర్నాడు పొద్దున రిబ్కా, "ఇక ఆ సమాధికి సున్నం వెయ్యక్కర్లేదు పిన్నిగారూ" అంటే, కోటేశ్వరమ్మగారు వింతగా చూశారట. "ఏ సమాధి? జ్ఞానమ్మ బిడ్డ తప్పిపోయాడు గానీ చచ్చిపోలేదుగా. పాపం, ముప్పై ఏళ్ళుగా ఇల్లిల్లూ అడుగుతూనే ఉంది. నిజాంపట్నం రేవు దాకా వెళ్ళి పడవలవాళ్ళని కూడా అడిగొచ్చింది." దానమ్మా అదే చెప్పింది. చివరిదాకా వాళ్ళిద్దరూ అదే చెప్పారు. ఒక్క రిబ్కాకే ఆ సమాధి గుర్తుంది. సమాధుల తోటకి వెళ్ళి చూస్తే ఆ చోట గడ్డి ఉందట.

తోట నుంచి వచ్చి తాళం తీస్తుంటే వెనక నుంచి ఎవరో పిలిచారు. జ్ఞానమ్మ. ఎప్పుడూ తొక్కని గుమ్మం ముందు, రోజూ వచ్చే మనిషిలా నిలబడి ఉంది. గొంతు బొంగురుపోయి ఉంది.

"అమ్మా, మీ ఇంటి వైపు గానీ పిల్లాడెవడన్నా కనపడ్డాడా? నాలుగు నెలలవాడు. మొలతాడుకి రాగిబిళ్ళ ఉంటుంది."

అన్నేళ్ళుగా ఆమె నాలుగు నెలలవాణ్ణే వెతుకుతోంది.

పిల్లాడు కోటేశ్వరమ్మగారి ఒళ్ళో, పక్కింటి లోపలిగదిలో నిద్రపోతున్నాడు. పొద్దున నీళ్ళు పోస్తూ రిబ్కా ఆ రాగిబిళ్ళని వేళ్ళతో తడిమి చూసింది. వాడికి తన జాకెట్టు చించి కుళ్ళాయి కూడా కుట్టింది.

"లేడు పెద్దమ్మా" అంది.

"సరేనమ్మా. కనపడితే కాస్త చెప్పు" అని జ్ఞానమ్మ తర్వాతింటికి వెళ్ళింది. కంపౌండరు భార్య కూడా లేడంది. జ్ఞానమ్మ ప్రతి గుమ్మం ముందూ అవే మాటలు అదే వరసలో అడుగుతూ తూము వైపు పోయింది.

రిబ్కా తాళం చెవి పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. పిలవాలని తెలుసు. నోరు రాలేదు. తెలిసి కూడా మనిషి చోటు నుంచి కదలకుండా ఎలా ఉండిపోతుందో ఆ క్షణం అర్థమైందని మీ నాయనమ్మ నాతో అంది. "ముందురోజు వంటింట్లో ఆ పిల్ల మీద నాకెంత కోపం వచ్చిందనుకున్నావు" అంది.

తూము దగ్గర జ్ఞానమ్మ కాళ్ళు కడుక్కుంటోంది, ఊళ్ళోకి వెళ్ళి అడగడానికి. రిబ్కా పరిగెత్తలేదు. బురదలో ఒక్కో అడుగూ లాక్కుంటూ వెళ్ళింది.

"పెద్దమ్మా, అబద్ధం చెప్పాను. మా దగ్గరే ఉన్నాడు."

జ్ఞానమ్మ కాలవలోంచి పైకి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చి ఒకటే అడిగింది.

"పాలు తాగాడా?"

"తాగాడు. జ్వరం కూడా తగ్గింది."

"నువ్వు తీశావా?"

"ఆ."

జ్ఞానమ్మ ఆమె మొహంలోకి చూసింది. తిడుతుందనుకుంది రిబ్కా. ముప్పై ఏళ్ళు తిప్పినందుకు తిట్టాలి కూడా. జ్ఞానమ్మకి ఏం తెలుసో, ఎంత తెలుసో ఎవరూ అడగలేదు. తడిచేత్తో రిబ్కా ముంజేయి పట్టుకుని, "బురద జారుతుంది, నెమ్మదిగా నడువు" అంది.

కోటేశ్వరమ్మగారు బిడ్డని ఆమె ఒళ్ళో పెట్టారు. వాడు ఆ ముడతల మొహం చూసి ఏడుపు లంకించుకున్నాడు. జ్ఞానమ్మ పాట అందుకుంది. ఊరుకున్నాడు.

సాయంత్రం కృపారావు వచ్చేసరికి ఆమె ముందుగదిలో గోడకి చేరబడి ఉంది. రిబ్కా గుమ్మంలో, అప్పటికే అన్నీ పోగొట్టుకున్నదానిలా నిలబడి ఉంది.

"తీసుకెళ్తావా పెద్దమ్మా?" అని ఆయనే అడిగాడు.

"ఎక్కడికి తీసుకెళ్తాను బాబూ? నా దగ్గర పాలున్నాయా, వయసుందా? పాలు మీ ఆవిడ పడుతుంది. నేనిక్కడే కూర్చుంటాను. ఏడిస్తే మాత్రం ముందు నేను లేస్తాను. దాన్ని లేవద్దని చెప్పు."

మీ నాన్నకి ఇద్దరు అమ్మలు అలా వచ్చారు. ఆ ఇంట్లో ఆయన రెండోసారి ఏడిచే అవసరం ఎప్పుడూ రాలేదట.

ఇక్కడితో కథ అయిపోతే నేను మీకు చెప్పకపోయినా పర్వాలేదు. తర్వాతి యేడు నాట్ల రోజులు వచ్చాయి. ఉయ్యాల ఖాళీగా వచ్చింది. పడుచు జ్ఞానమ్మ గట్టెక్కి, గుడ్డ దులిపి, పేరు పెట్టి పిలుస్తూ ఇల్లిల్లూ వెతకడం మొదలుపెట్టింది. మంచాల కింద చూసేది. నీళ్ళ తొట్లలో చూసేది. ఆ పిలుపు వినలేక కంపౌండరువాళ్ళు ఇల్లమ్ముకుని పోయారు. ముసలి జ్ఞానమ్మ మాత్రం పిల్లాణ్ణి ఆమె మొహానికెదురుగా ఎత్తి పట్టుకుని, "ఇడుగోనే, ఇక్కడున్నాడు, చూడు" అని చెప్పేది. ఆ పడుచు మనిషి వాళ్ళలోంచి నడిచి పోయేది. అయినా ప్రతి యేడూ ఎత్తి పట్టుకునేది. మీ నాన్న బరువెక్కి ఎత్తలేనప్పుడు చెయ్యి పట్టుకుని నిలబెట్టేది.

తొంభైల చివర్లో జ్ఞానమ్మ పోయింది. ఆ తర్వాత ఆ పని రిబ్కా నాయనమ్మ చేసింది. పెళ్ళైన కొత్తలో నేనూ చూశాను. మీ నాన్న ముందుగదిలో నిలబడి, "అమ్మా, బానే ఉన్నాను" అని ఆ పడుచు మనిషికి చెప్పడం చూశాను. ఆ కళ్ళు ఆయన మీదుగా పోయి గోడ మీద వెతికాయి. ఇప్పుడు రిబ్కా నాయనమ్మ కూడా లేదు. రోడ్డు సిమెంటుదైంది, తూము ఎక్కడుందో కూడా తెలియదు. ఆ ఇంట్లో అద్దెకి కొత్తవాళ్ళున్నారు. అన్నీ చెప్పాను వాళ్ళకి, రెండుసార్లు ఫోన్ చేసి మరీ చెప్పాను. వాళ్ళు ఖాళీ చేస్తే తర్వాత వచ్చేవాళ్ళకి ఎవరు చెప్తారు? జూలై వచ్చిందంటే నాకు నిద్ర పట్టదు.

అందుకని మీకు చెప్తున్నాను. మీరు పెద్దై ఎక్కడున్నా, ఆ ఇంట్లో ఎవరున్నా, వాళ్ళకి ఈ మాట చేరవెయ్యండి. మీ పిల్లలకి కూడా చెప్పండి. మధ్యాహ్నం పూట ఒకామె పిల్లాణ్ణి వెతుక్కుంటూ వస్తుంది. వాడు బతికే ఉన్నాడనీ, పెద్దవాడయ్యాడనీ, వాడికి మీరున్నారనీ చెప్పాలి. వినపడదు కదా అని ఊరుకోవద్దనండి.