చక్రాలు ఊడితేనే ఇల్లు

“నాలుక కోయిస్తేనే అప్పిస్తారట,” అని డెల్ఫియా ఫోను పెట్టేసి చెప్పగానే ఆమె మొగుడు హోబర్ట్ ముఖం వెలిగిపోయింది.

“దానికి అప్పెందుకే, ఎదురు నేనే ఇస్తా.”

“నాది కాదయ్యా, ఇంటిది.”

మా కెంటకీ కొండల్లో చాలా ఇళ్ళు ఫ్యాక్టరీలో పుట్టి, లారీ వెనక ఊరేగి వచ్చినవే. లారీకి తగిలించడానికి ఇంటి ముందు పొడుచుకొచ్చే ఇనుప దూలాన్ని నాలుక అంటాం. మా పక్క స్థలంలో హోబర్ట్ ఇల్లు అలా వచ్చి వాలి పంతొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు యజమాని ఆ స్థలం అమ్మేస్తున్నాడు. నెలాఖరులోగా వీళ్ళు కొనుక్కోవాలి, లేదా ఖాళీ చెయ్యాలి. చక్రాలున్నంత కాలం అది కాగితాల్లో బండే. బండి అప్పు తీసుకుంటే వడ్డీకే హోబర్ట్ గని పింఛను చాలదు.

“ఎవరే ఈ షరతు పెట్టింది?”

“ఫ్యానీ మే.”

“ఎవరావిడ, నా ఇంటి కింద దూరి చూడ్డానికి?”

“ఆవిడ కాదు, సర్కారు పెట్టించిన సంస్థ. బ్యాంకు మనకిచ్చే అప్పుని అది కొనేసుకుంటుంది. ఆ డబ్బుతో బ్యాంకు మనలాంటి ఇంకొకళ్ళకి ఇస్తుంది. చక్రాలు, ఇరుసు, నాలుక తీసేసి పునాది మీద కూర్చోబెడితేనే దాని లెక్కలో ఇల్లు.”

“ఇరుసు తీస్తే ఇరుకున పడతామే. మా నాన్నని గని క్వార్టర్స్ నుంచి సామానుతో సహా బయటికి నెట్టారు. నన్ను పొమ్మంటే ఇంటితో సహా పోతా. ఆ చక్రాలే నా ధైర్యం.”

“నీ ధైర్యంలో నా కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. ఒక్క అంగుళం కదిలించు, అప్పు మాటెత్తను. కదలకపోతే సంతకం పెట్టు.”

శనివారం పొద్దున హోబర్ట్ తన ట్రక్కుని నాలుకకి తగిలించాడు. ఆ ట్రక్కుకి వెనక చూసుకునే అద్దాలు ఎప్పుడో ఊడిపోయాయి. ట్రక్కు మూలిగింది, గింజుకుంది, ఫెళ్ళుమని ముందుకురికింది. “కదిలిందే” అని కిటికీలోంచి చెయ్యూపుతూ రోడ్డెక్కాడు.

క్లోవిస్ దుకాణంలో మేం నలుగురం కాఫీ తాగుతుంటే వచ్చాడు, ఛాతీ ముందు, తను వెనక.

“ఎక్కడికి, మామా?” అన్నాడు క్లోవిస్.

“ఎక్కడికైనా. ఇల్లు తోలుకొచ్చా.”

అందరం గుమ్మంలోకెళ్ళి చూశాం. ట్రక్కు వెనక రెండు గజాల తుప్పు ఇనుము రోడ్డు మీద గీత గీసుకుంటూ వచ్చి ఆగి ఉంది. దాని కొసకి చక్రం కాదు కదా, కోడి కూడా లేదు. ఎవరూ నవ్వలేదు, నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాం.

హోబర్ట్ కిందికి వంగి ఆ ఇనుమ్ముక్కని కాసేపు చూశాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

“ఇది నాలుకరా,” అన్నాడు మా అందరికీ వినబడేలా. “ఇల్లు ఇంటి దగ్గరే ఉంది.”

తర్వాత క్లోవిస్ వైపు తిరిగాడు.

“పునాదికి సిమెంటు బస్తాలు ఎన్ని పడతాయి?”