మందమర్రి క్లబ్బులో నల్లవాన

తడి గోనెసంచి ఈడుస్తూ పరశురాములు వేదిక మీద వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. చీపురు పెడితే బొగ్గుదుమ్ము లేచి, కాసేపు గాల్లో తిరిగి, మళ్లీ అక్కడే కూర్చుంటుంది. దానికి తడిగోనె తప్ప ఇంకేదీ లొంగదు. నడుం వంచి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఈడవడం, నిలబడి దమ్ము తీసుకోవడం, మళ్లీ వంగడం. క్లబ్బు వాచ్‌మన్‌గా వచ్చినప్పటి నుంచి ఆయన పొద్దు ఇట్లాగే మొదలవుతుంది. కాకపోతే ఈ మధ్య ఈడ్చే సేపు తగ్గి, నిలబడే సేపు పెరిగింది. ఆ సంగతి ఇంట్లో తెలియనివ్వడు.

మనిషి పొడగరి. వంగి వంగి బొగ్గుబాయిలో పనిచేసిన పొడగరి కాబట్టి మెడ కొంచెం ముందుకు వచ్చి, ఎప్పుడూ ఎవరో పిలిస్తే వింటున్నట్టు కనిపిస్తాడు. నుదుటి మీద, ఎడమ చెవి కింద నీలం గీతలున్నాయి. బొగ్గు గీరుకున్న గాయంలో దుమ్ము మిగిలిపోతే చర్మం అట్లా నీలంగా మానుతుంది. కొత్తవాళ్లు పచ్చబొట్టనుకుంటారు. ఊపిరితిత్తుల్లో కూడా అదే దుమ్ము మిగిలిందని చెప్పి డాక్టర్లు బాయిలోకి దిగొద్దన్నారు. కంపెనీ గని బయట, నేల మీద డ్యూటీ ఇచ్చింది. అంటే ఈ క్లబ్బు, ఈ క్యారమ్ బోర్డులు, ఈ గోనెసంచి. బరువులెత్తొద్దు, ఉరకొద్దు అని కూడా చెప్పారు. "ఈ వయసుల నన్నెవలు ఉరికిస్తరు సార్" అని నవ్వేసి వచ్చాడు.

సాయంత్రం ఇక్కడ కచేరీ ఉంది. కచేరీ అంటే కూతురు స్పందన మూతి ముడుస్తుంది, షో అనాలట. బెల్లంపల్లి, మందమర్రి కాలనీల్లో పుట్టిన నలుగురు కలిసి కట్టుకున్న బ్యాండు పేరు నల్లవాన. మొగులు పట్టినప్పుడు బొగ్గుదుమ్ముతో కలిసి పడి, దండెం మీద బట్టలన్నీ పాడుచేసే చినుకులుంటాయి చూడండి, ఆ వాన. అందులో స్పందనది బేస్ గిటారు, అన్నిటికంటే లావు తీగలున్నది. వాళ్లు వాయించేదాన్ని సైకెడెలిక్ రాక్ అంటారు. అదేమిటని అడిగితే, నిద్రకూ మెలకువకూ నడుమ కనిపించేదాన్ని వాయించడమని చెప్పింది. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పట్టపగలు పడుకున్నవాడికి అది రోజూ ఉండేదే. పరశురాములుకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

ఇవాళ వాయించేదే వాళ్ల మొదటి ఆల్బమ్. స్టూడియోలో అయితే తప్పు పోయినచోట మళ్లీ వాయించుకోవచ్చు. ఇది లైవ్. జనం ముందు ఒక్కసారి వాయించింది ఈలలతో, చప్పట్లతో, తప్పులతో సహా అట్లాగే నిలిచిపోతుంది. ఈ క్లబ్బులోనే చేయాలని పిల్లలు పట్టుబట్టారు, నలుగురూ మొదటిసారి మైకు పట్టుకున్నది ఈ వేదిక మీదే. రెండోసారికి చోటు లేదు. నేలను పైనుంచి తవ్వుకుపోయే ఓపెన్‌కాస్టు గని పెరిగి పెరిగి కాలనీ అంచు దాకా వచ్చింది. సగం క్వార్టర్లు ఖాళీ అయ్యాయి, క్లబ్బును కూలగొట్టే తేదీ కూడా పడింది. పరశురాములు బతిమాలితే ఆఫీసరు అనుమతి ఇచ్చాడు గాని ఒక మాటన్నాడు. "లొల్లి అయితే అక్కడికక్కడే కరెంట్ తీపిస్త. జిమ్మేదారి నీదే."

పగటిపూట పిల్లలు సామాను దింపుకుని తీగలన్నీ కలుపుకున్నారు. లీడ్ గిటారు వాయించే సిద్ధుకు జుట్టు భుజాల దాకా ఉంటుంది, ఒంట్లో కండ మాత్రం ఎక్కడా కనిపించదు. పరశురాములు కుర్చీలు వేస్తుండగా అతను ఒక తీగను అడుగు నుంచి పట్టి పైకి లాగాడు. ఆ శబ్దం నేలలోంచి వచ్చినట్టు వచ్చి, పెరిగి, ఇంకా పెరిగి, ఎక్కడో పైన ఆగి అక్కడే నిలబడి అరిచింది. పరశురాములు చేతిలోని కుర్చీ కింద పడింది.

షిఫ్టు వేళకు కూసే గని సైరన్‌ను కాలనీలో ఎవరూ పట్టించుకోరు. ఎసరు పెట్టుకోవడానికి, పిల్లల్ని బడికి తోలడానికి గుర్తు, అంతే. వేళ తప్పి కూసిందా, బాయిలో పైకప్పు కూలిందన్నమాట. అప్పుడు ఆడవాళ్లు ఏమైందని ఎవరినీ అడగరు. పొయ్యి మీద కూర పొయ్యి మీదే వదిలి, తలుపులు బార్లా తెరిచి గని గేటుకు పరుగెత్తుతారు.

"బిడ్డా, గది సైరన్ లెక్కుంది" అన్నాడు.

"సైరనే బాపు" అంది స్పందన సంబరంగా. "చిన్నప్పుడు గది ఇని పండుకున్నం, గది ఇని లేసినం. ఆఖరి పాట మొత్తం దాని మీదనే కట్టినం."

"రెండో షిఫ్టోళ్లు లోపలుంటరు గదా. ఇండ్లల్ల ఆడోళ్లు ఇంటే?"

స్పందన ముఖం చిన్నబోయింది. సిద్ధు గిటారు మీంచి చెయ్యి తీశాడు. "గంత దూరం ఆలోచన చెయ్యలే కాకా. తీసెయ్యమంటే తీసేస్తం."

"తీసేస్తే పాటల ఏం మిగుల్తది?"

సిద్ధు స్పందన వైపు చూశాడు. అంటే ఏమీ మిగలదని. కూతురు తల వంచుకుని తీగ బిగిస్తోంది. ఆ తీగల మీద ఆరితేరడానికి ఎన్ని రాత్రులు ఆమె వేళ్లకు గుడ్డ చుట్టుకుందో ఆయన చూశాడు.

"ఉండనీయుండ్రి. నేను ఇంటింటికి చెప్పొస్త. మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

"మరి నువ్వు ముందట కూసుంటవా? నిన్ను జూస్తె నాకు చెయ్యి మంచిగాడుతది." ముందు వరుసలో నడిమి కుర్చీని వేలితో చూపించింది.

"కూసుంట తియ్యి."

ఎండ దిగకముందే బయలుదేరాడు. తాళాలు పడిన క్వార్టర్లు దాటుకుంటూ, మనుషులున్న గడప దగ్గరల్లా ఆగి అదే మాట చెప్పాడు. పొద్దూకినంక క్లబ్బుల సైరన్ అసొంటి సప్పుడొస్తది, అది పాట, ఉరకకుండ్రి. కొందరు సరేనన్నారు. కొందరు నవ్వారు. "గనిల సైరన్ సాలదని ఇంట్ల గూడ తయారుచేసినవా?" అని ఒకామె ఎకసెక్కం చేసింది. ఆయనా నవ్వాడు. ఛాతీలో మాత్రం పొద్దుటి నుంచి ఉన్న బిగువు వీధి మారినకొద్దీ ఎక్కువవుతోంది. దాన్ని పొద్దున తిన్న మిరపకాయ బజ్జీల మీదికి నెట్టేశాడు.

చివరి వీధిలో కమలవ్వ ఇంటికి తాళం ఉంది. అందరికంటే ముందు చెప్పాల్సింది ఆమెకే. అట్లా వేళ తప్పి సైరన్ కూసిన ఒక రోజే ఆమె భర్త బాయిలో పోయాడు. ఇప్పుడు కొడుకు సంపత్ అదే బాయిలో, అందులోనూ ఇవాళ రెండో షిఫ్టులో ఉన్నాడు. ఆమెకు ఫోన్ కూడా లేదు.

పక్కింటి నవనీత బయటికి వచ్చింది. "మంచిర్యాలకు కండ్ల డాక్టర్ దగ్గరికి పోయింది అన్నా. రాంగనే నేను చెప్త."

"మరువకు బిడ్డా. నీకు దండం పెడుత."

"గింత దానికి దండమెందుకు?" అని ఆమె నవ్వింది. పరశురాములుకు నవ్వు రాలేదు.

పొద్దు గుంకేసరికి క్లబ్బు కిక్కిరిసింది. రికార్డింగ్‌లో గాలి చప్పుడు పడుతుందని ఫ్యాన్లు ఆపేశారు, కిటికీలకు దుప్పట్లు కొట్టారు. జనం చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నారు. మూడో వరుసలో నవనీతను చూడగానే పరశురాములు దగ్గరికి వెళ్లాడు.

"చెప్పినవా?"

"ఆమె ఇంక రాలే అన్నా. షో సురువైతదని నేనొచ్చిన. ఆఖరి బస్సుకొస్తదేమో."

తలుపు వైపు ఒకసారి చూశాడు. వెళ్లి నడిమి కుర్చీలో కూర్చున్నాడు. దీపాలు ఆరి, ఎర్రటి దీపం ఒక్కటే వెలిగింది. డ్రమ్ము మొదలైంది. దాని వెనకే స్పందన లావు తీగ బరువుగా, నింపాదిగా నడిచింది. మొదటి పాట ఎప్పుడయిందో, రెండోది ఎప్పుడు మొదలైందో తెలియలేదు. ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తున్నాయి. కుర్రాళ్లు ఈలలేశారు. ముసలివాళ్లు కూడా మోకాళ్ల మీద వేళ్లతో తట్టుకుంటున్నారు. వేదిక మీదున్నది తన బిడ్డేనా అని ఆయనకు అనుమానం వచ్చింది. కళ్లు మూసుకుని, పెదవి కొరుక్కుంటూ, ఎవరో తెలియని మనిషిలా ఉంది. కళ్లు తెరిచినప్పుడల్లా తిన్నగా ఆయన కుర్చీ వైపే చూస్తోంది. ఆయన గర్వంగా కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. దగ్గు తోసుకొచ్చింది. తువ్వాలు నోట్లో కుక్కుకుని మింగేశాడు.

చెవులు మాత్రం బయటే ఉన్నాయి. ఆఖరి పాటకు ముందుది నడుస్తుండగా రోడ్డు మీద బస్సు ఆగి కదిలిన చప్పుడు, దుప్పట్లను దాటుకుని లీలగా వినిపించింది. ఇక కూర్చోలేకపోయాడు. లేచాడు. స్పందన చూసింది. ఇప్పుడే వస్తానని చెయ్యి ఊపి, వంగి వంగి తలుపు దాకా నడిచాడు. వెనక లావు తీగ ఒకచోట తడబడింది. ఆ తడబాటు కూడా ఆల్బమ్‌లో పడిపోయిందని ఆయనకు తెలుసు, ప్రాణం ఉసూరుమంది.

బయట గాలి తగిలింది. చివరి వీధిలో కమలవ్వ క్వార్టర్‌లో లైటు వెలుగుతోంది. వచ్చేసింది. గబగబా అడుగులు వేశాడు. క్లబ్బు ఎదుట గని రోడ్డు మీదున్న కల్వర్టు దాటాడో లేదో, వెనక ఆ శబ్దం లేచింది. నేలలోంచి వచ్చి, పెరిగి, పైన నిలబడి అరిచింది. పగలు విన్నదానికంటే పదింతలుంది.

కమలవ్వ తలుపు ధడాలున తెరుచుకుంది. కొంగు జారినా చూసుకోకుండా ఆమె పరుగెత్తుకొచ్చింది, ఆయన వైపు కాదు, వీధికి అడ్డం పడి సరాసరి గని రోడ్డు మీదికి. అటువైపు నుంచి బొగ్గు లారీ దీపాలు వస్తున్నాయి. అరిస్తే పరుగుకు దమ్ము చాలదు, పరుగెత్తితే అరవడానికి చాలదు. పరశురాములు పరుగెత్తాడు. లోపల ఏదో తెగుతున్నట్టున్నా ఆగలేదు. కల్వర్టు దగ్గర ఆమె రెక్క పట్టుకుని పక్కకు లాగాడు. లారీ దుమ్ము కొట్టుకుంటూ పోయింది.

"ఇడువు తమ్మీ! నా కొడుకు లోపలున్నడు!"

"అక్కా... సైరన్ గాదు... పాట. నా బిడ్డోళ్ల పాట."

"ఇడువుమంటున్న!"

"ఇను జర. సైరన్‌కు దరువుంటదా?"

ఆమె పెనుగులాట ఆపింది. అరుపు కిందికి డ్రమ్ము వచ్చి చేరింది. దానితో పాటు చప్పట్లు, ఈలలు. ఆమె ముఖం మీది భయం ఒక్కసారిగా పోలేదు. మెల్లగా నమ్మింది. నమ్మాక కల్వర్టు మీద కూలబడి ఏడుస్తూ నవ్వింది. "మీ పాటల బొందపెట్ట! పానం పోయిందనుకున్న."

ఆయన కూడా పక్కనే కూర్చున్నాడు. అప్పుడు చూశాడు, ఆమె చేతిలో నీళ్ల చెంబుంది. గని మీదికి పరుగెత్తేటప్పుడు ఈ కాలనీ ఆడవాళ్లు ఏది మరిచినా అది మరవరు. బాయిలోంచి బతికి పైకి వచ్చినవాడు మొట్టమొదట అడిగేది నీళ్లే. సగం ఒలికిపోగా మిగిలినవి ఆమె ఆయన నోటికి అందించింది. ఒక గుక్క తాగాడు.

"మొఖం గట్లయిందేంది తమ్మీ? ఎవలన్న పిలుస్త."

"వద్దు. లొల్లి అయితే కరెంట్ తీస్తరు. రికార్డయితుంది." మాటకూ మాటకూ నడుమ ఆగాల్సి వచ్చింది. "నువ్వు లోపలికి పో. ముందట నడిమి కుర్సీ ఖాళీగుంది. గా కుర్సీల కూసో. లేకుంటె బిడ్డ పరేషానైతది."

"నువ్వో?"

"దమ్ము తీసుకోని వస్త."

ఆమెకు వెళ్లబుద్ధి కాలేదు. ఆయన చెయ్యి ఊపి తరిమాడు. చెంబు ఆయన పక్కన పెట్టి, "జరజర తాగు. పాట కాంగనే వస్త" అని వెనక్కి చూసుకుంటూ క్లబ్బులోకి వెళ్లింది.

పరశురాములు కల్వర్టు గోడకు వీపు ఆనించాడు. లోపల లావు తీగ ఇంకా దిక్కు తప్పినట్టే మోగుతోంది. ఆయన దాని కోసమే చెవి పెట్టాడు. కాసేపటికి అది కుదుటపడింది. ఒక్కో దెబ్బా నిలకడగా, బరువుగా పడసాగింది. కమలవ్వ కుర్చీలో కూర్చుందన్నమాట. ఆయనకు సంతోషమైంది, ఏ మూలా వెలితి లేని సంతోషం. అరచెయ్యి పక్కన రాతి మీద పెడితే ఆ మోత రాయిలోంచి చేతికి తెలుస్తోంది. ఇంకో గుక్క తాగాలనుకున్నాడు. చెయ్యి చెంబు దాకా వెళ్లి, అక్కడే ఆగిపోయింది. తల మెల్లగా భుజం మీదికి వాలింది.

ఇంకో లారీ పోయింది. క్లబ్బులో పాట ఇంకా అయిపోలేదు. కల్వర్టు మీద చెంబులోని నీళ్లు, ఆ లావు తీగ మోగినప్పుడల్లా సన్నగా వణికి, మళ్లీ తేరుకుంటున్నాయి.