దొరకలేదు పటేలా

పోశాలు మంచుతో కట్టిన బారులో తాగడానికి సముద్రం మీదికి పోయాడని, ఇక ఆ మనిషి తిరిగొచ్చి కేసముద్రంలో మూటలేం మోస్తాడని, పక్కింటి ఎల్లక్క బోరింగు కాడ నీళ్లకొచ్చిన వాళ్లందరికీ చెప్పిందట. ఆ ముచ్చట కొమురమ్మ మొగుడికి ఫోన్లో చెప్పింది. చెబుతూ తానూ నవ్వింది. పోశాలుకు నవ్వు రాలేదు. ఫోనును భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకొని, రేకు నుంచి పొద్దుటి గోలీలను ఒక్కొక్కటే పిండి అరచేతిలో వేసుకుంటున్నాడు.

"మంచు బారు సంగతి దానికెవలు చెప్పిన్రే?"

"పటేలు ఫోన్ల పెట్టిండట గద, ఇయ్యాల గా మంచు బార్లకు పోతున్నం అని. ఊరంత జూసిన్రు."

"ఊరంత జూసిన్రా? ఇగ పటేలును ఆపినట్టే."

ఫోను పెట్టేసి మంచం వైపు చూశాడు. యుగేందర్ బోర్లా పడుకొని ఉన్నాడు. తెల్లటి పరుపు సగం అతని పొట్ట కిందికి కుంగి ఉంది. ఓడలో గది చిన్నది. రెండు మంచాల మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు. పోశాలు ఆ సందులోనే చాప లాంటిదేదో పరుచుకొని పడుకుంటున్నాడు. రెండో మంచం అతనిదే అని యుగేందర్ మొదటి రోజే చెప్పాడు. పటేలు పక్కన పటేలు ఎత్తున పడుకోవడం ఎట్లాగో పోశాలుకు తెలియలేదు.

కేసముద్రం మార్కెట్టు ఎదురుగా యుగేందర్‌కు ఎరువుల దుకాణం ఉంది. ఎక్కువ సరుకు అమ్మిన డీలర్లకు ఒక పురుగుమందుల కంపెనీ ఇద్దరేసి మనుషుల చొప్పున ఓడ ప్రయాణం ఇచ్చింది. సింగపూర్ దాకా విమానం, అక్కడి నుంచి ఓడ. యుగేందర్ భార్య శిరీష రానంది. "బతుకమ్మ పండుగ ఇడిసిపెట్టి నీళ్ల మీద నాకేం పని" అంది. ఆ రెండో టికెట్టు మీద దుకాణం హమాలీ పోశాలును పంపింది ఆమే. పాస్‌పోర్టు పనికి తన తమ్ముడు శ్రావణ్‌ను అతని వెంట తిప్పింది. బయల్దేరే ముందు వంటింటి తలుపు కాడికి పిలిచి మెల్లగా చెప్పింది.

"గుండెకు రింగు ఏసిన్రు. ఇంక తాగితె నా దవాఖానకు తేవద్దని డాక్టరు ఎట్ల మొత్తుకున్నడో ఇన్నవ్ గద. చుక్క ముట్టనియ్యకు పోశాలూ. ఎవ్వల మాట ఇనకున్నా నీ మాట ఇంటడు."

"సరేనమ్మా" అన్నాడు పోశాలు. యుగేందర్ వినేటట్టు తాను ఎప్పుడైనా ఒక మాట అన్నాడా అని బస్సెక్కిన తర్వాత ఆలోచించాడు. ఒక్కటీ గుర్తుకు రాలేదు.

మీసం మొలవక ముందే అతను ఆ దుకాణంలో చేరాడు. చేర్చుకున్నది యుగేందర్ తండ్రి బుచ్చిరెడ్డి. అప్పుడు యుగేందర్‌కు నిక్కరు కూడా సరిగ్గా నిలిచేది కాదు. బడికి ఎత్తుకుపోయింది పోశాలే. లారీలు వచ్చిన నాడు యూరియా బస్తాలు దించీ దించీ అతని మెడ వెనుక ఎద్దుకు కాడి కింద లేచినట్టు ఒక కాయ లేచింది. అంగీ కాలరు దాని మీద కూర్చోదు. వేళ్ల చివర్లు తెల్లగా పగిలి ఉంటాయి. ఎంత కడిగినా పురుగుమందు వాసన పోదు. కొమురమ్మ ఇప్పటికీ వేరే చెంబు నీళ్లతో చేయి కడిగించాకే అతనికి అన్నం పెడుతుంది.

అన్నేళ్లలో అతను పటేళ్లకు "వద్దు" అని చెప్పలేదు. అతనికున్నది వేరే పద్ధతి. పెద్ద పటేలు జ్వరంతో ఉండి చేపల కూర తెమ్మంటే బజారుకు పోయి, చెట్టు నీడన కాసేపు కూర్చొని, వట్టి సంచితో తిరిగొచ్చేవాడు. "దొరకలేదు పటేలా" అనేవాడు. చిన్న పటేలు రింగు వేయించుకున్న తర్వాత సీసా తెమ్మంటే దుకాణం బందు ఉందనేవాడు, లేకుంటే ఆ రకం అయిపోయిందనేవాడు. యుగేందర్ తిట్టేవాడు. తిట్టి ఊరుకునేవాడు. శిరీష దాన్ని చూసే అతని మాట వింటాడనుకుంది.

ఓడ మీద ఆ పద్ధతి నడవలేదు. ఇక్కడ దొరకనిది లేదు. ఎటు నాలుగడుగులు వేసినా ఒక బల్ల, బల్ల వెనుక సీసాలు, సీసాల ముందు నవ్వే పిల్లగాడు. మెడలో ఉన్న కార్డు చూపిస్తే చాలు. మొదటి రోజు పోశాలు ఆ కార్డును తన బొడ్డు సంచిలో దాచి వెతుకుతున్నట్టు నటించాడు. యుగేందర్ కిందికి పోయి నిమిషంలో ఇంకో కార్డు తెచ్చుకున్నాడు. నిన్న భోజనం కాడ ఎవరిదో గ్లాసు అతని ముందుకొస్తే పోశాలు మోచేయి తగిలినట్టు చేసి ఒలకబోశాడు. జనగామ డీలరు ఒకాయన పగలబడి నవ్వాడు.

"ఏందయ్యా యుగేందర్, పెండ్లాన్ని తెమ్మంటె అత్తగారిని తెచ్చుకున్నవ్?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. యుగేందర్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత అతను పోశాలుతో సరిగ్గా మాట్లాడలేదు.

అందుకే పొద్దున గోలీలు మింగించేటప్పుడు పోశాలు అతన్ని మంచి చేసుకోవాలనుకున్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలి. ఇంటి మీద ధ్యాస మళ్లితే తాగుడు మీది ధ్యాస తగ్గుతుందనుకున్నాడు.

"ఇయ్యాల పెత్రమాస పటేలా. ఇంటికాడ శిరీషమ్మ పెద్దలకు పెడుతుంటది. పెద్ద పటేలుకు ఇష్టమని గారెలు జేస్తుంటది."

యుగేందర్ నీళ్ల గ్లాసు పక్కన పెట్టి అతని ముఖంలోకి చూశాడు.

"ఇయ్యాలనా పెత్రమాస?"

"ఇయ్యాలనే."

"మంచి మాట యాది జేసినవ్ రా" అన్నాడు యుగేందర్. నిన్నటి భోజనం తర్వాత మొదటిసారి నవ్వాడు. పోశాలు కూడా నవ్వాడు.

మంచు బారు గది బయట వాళ్లకు నీలం రంగు కోట్లు తొడిగారు. మోకాళ్ల కిందికి వేలాడే కోట్లు, తలకు బొచ్చు టోపీ, తాడుతో కట్టిన చేతి తొడుగులు. పోశాలు కోటు మెడ కాయ మీద ఎత్తుగా లేచి అతన్ని గూనివాడిలా చేసింది. అద్దంలో చూసుకొని విసుక్కున్నాడు. తలుపు తీయగానే చలి ముక్కులోకి సూదిలా దిగింది. గోడలు మంచు, బల్ల మంచు, కూర్చునే దిమ్మెలు మంచు, వాటి మీద ఏదో జంతువు తోలు పరిచారు. మూలన మంచుతో చెక్కిన చేప ఒకటి నోరు తెరుచుకొని ఉంది. దాని కడుపులో ఎర్ర లైటు వెలుగుతోంది. డీలర్లంతా పిల్లల్లా గోడలను గీరుతున్నారు, ఫోన్లు పట్టుకొని ఒకరినొకరు పిలుచుకుంటున్నారు. బుచ్చిరెడ్డి పోయినప్పుడు అద్దె ఫ్రీజరు పెట్టెలో పెడితే అద్దం మీద ఇట్లాంటి పొగే పట్టింది. పోశాలుకు అదే గుర్తొచ్చింది.

టికెట్టుకు ఒక గ్లాసు. గ్లాసు కూడా మంచే. బల్ల కాడి పిల్ల రెండు గ్లాసులు నింపి ఇద్దరి ముందుకు జరిపింది. పోశాలు గబగబా రెండూ తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"తే ఇటు" అన్నాడు యుగేందర్.

"శాన సల్లగుంది పటేలా. పోదాం."

"పెత్రమాస అని నువ్వే అంటివి గద. నాయినకు సాక పొయ్యకుంట ఎట్ల పోదాం?"

పోశాలు గ్లాసులను ఇంకొంచెం వెనక్కి పట్టుకున్నాడు.

చనిపోయిన పెద్దల పేరు తలుచుకొని నాలుగు చుక్కలు నేల మీద పోయడం సాక. బుచ్చిరెడ్డి బతికున్నప్పుడు తన తండ్రికి అట్లాగే పోసేవాడు. ముంత పట్టుకొని పక్కన నిలబడింది పోశాలే. పోసిన తర్వాత మిగిలింది పారబోయకూడదు, పోసినవాడే తాగాలి. పెద్దల ఎంగిలి పారబోస్తే ఇంటికి మంచిది కాదని ఆ ముసలాయనే నేర్పాడు. వేరే ఏ రోజైనా అయితే ఈ రెండు గ్లాసులూ చెయ్యి జారినట్టు కింద పడేసేవాడు. ఈ రోజు, ఆ పేరు మీద, పడేయడానికి చేతులు రాలేదు. పొద్దున తన నోటికి ఏ దయ్యం పట్టిందా అని తనను తాను తిట్టుకున్నాడు.

"చుక్కలు పోసి పెదవికి అంటిచ్చుకో పటేలా. గంతే. శిరీషమ్మ మీద ఒట్టు."

"గంతే రా."

ఒక గ్లాసు ఇచ్చాడు. యుగేందర్ టోపీ తీశాడు. కళ్లు మూసుకున్నాడు. నిజంగానే తండ్రిని తలుచుకున్నాడు. "నాయినా, సల్లగ జూడు" అని గ్లాసు వంచాడు. నీలం రంగు సారా మంచు నేల మీద ఇంకలేదు. గాజు మీద జారినట్టు జారి జనగామ డీలరు బూట్ల కిందికి పాకింది. బల్ల వెనుక పిల్ల "నో సర్, నో నో" అంటూ చేతులూపింది. ఎవరో కాలు జారబోయి గోడ పట్టుకున్నారు. అందరూ ఇటు తిరిగారు.

దుకాణంలో ఏ సీసా పగిలినా, ఏ సంచి చిరిగినా వంగేది పోశాలే. ఆ క్షణం కూడా అతని నడుము అతన్ని అడగలేదు. చేతిలో ఉన్న రెండో గ్లాసు బల్ల మీద పెట్టి మోకాళ్ల మీద కూలబడ్డాడు. కోటు చేతితో మంచును తుడిచాడు. బుచ్చిరెడ్డికి పోసిన సాకను ఆయన కొడుకు కాళ్ల దగ్గర తుడిచాడు. చెయ్యి మొద్దుబారింది. ఒళ్లంతా మండింది. ఈ పనికా నన్ను సముద్రం దాటించిన్రు అనుకున్నాడు.

లేచేసరికి బల్ల మీద రెండు మంచు గ్లాసులూ వట్టివే ఉన్నాయి. యుగేందర్ మూతి తుడుచుకుంటున్నాడు.

"పారబొయ్యద్దు గద రా" అన్నాడు.

జనగామ డీలరు అతని భుజం మీద చెయ్యి వేశాడు. "గిది సాక. అసలుది పైన పోసుకుందాం పా." అందరూ కోట్లు విప్పి గుంపుగా మెట్లెక్కారు. యుగేందర్ నాలుగు మెట్లెక్కి వెనక్కి చూశాడు. పోశాలు రోజూ లాగే వెంట వస్తాడని చూశాడు. పోశాలు కదల్లేదు. కోటు విప్పి కొక్కేనికి తగిలించి, చల్లబడిన చేతులు చంకల్లో పెట్టుకొని, గదికి పోయాడు.

మంచం అంచున కూర్చున్నాడు. తాగనీ. కడుపు పగిలేదాకా తాగనీ. ఇంటికి పోగానే దుకాణం తాళంచెవి శిరీషమ్మ చేతిలో పెట్టేస్తాను, మిర్చి కోతకు పోయినా బతుకుతాను అనుకున్నాడు. కోపం అలవాటు లేని మనిషి. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండు మంచాల దుప్పట్లూ దులిపి మళ్లీ పరిచాడు, యుగేందర్ చెప్పులు జోడించాడు, మళ్లీ కూర్చున్నాడు. పైకి పోయి తీసుకొద్దామని రెండుసార్లు తలుపు దాకా పోయాడు. పోయి ఏమనాలి? దొరకలేదని చెప్పడానికి అక్కడ ఏముంది?

మధ్యాహ్నం దాటాక యుగేందరే వచ్చాడు. గోడలు పట్టుకొని వచ్చాడు. ముఖం తడిసిన బూడిదలా ఉంది.

"సలి పెడుతుంది రా. కప్పు."

పోశాలు బూట్లు విప్పాడు. కప్పాడు. "అన్నం తిన్నవా పటేలా?" అని అడిగాడు. యుగేందర్ చేయెత్తి వద్దన్నట్టు ఊపి గోడ వైపు తిరిగాడు. డాక్టరును పిలవాలా అని పోశాలుకు ఆలోచన వచ్చింది. పిలిస్తే అందరి ముందూ మళ్లీ అత్తగారు అంటారు. బయట ఇరుకు వరండాలో కుర్చీ వేసుకొని అతనికి వీపు చూపిస్తూ కూర్చున్నాడు. ఎదురుగా నీళ్లే. ఒక్క గట్టు లేదు, చెట్టు లేదు, చూపు ఆనేందుకు ఏమీ లేదు.

ఎండ వాలాక చాయ తెచ్చాడు. "లే పటేలా" అన్నాడు. దుప్పటి ఎట్లా కప్పాడో అట్లాగే ఉంది. పాదం ముట్టుకున్నాడు. కాసేపు పట్టుకొనే ఉన్నాడు. తర్వాత చాయ కప్పును చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టి, తలుపు తీసి, దారిన పోయే మనిషిని చేత్తో పిలిచాడు.

ఓడ ఒడ్డుకు చేరి, కాగితాలన్నీ అయి, శవం కేసముద్రం వచ్చేసరికి బతుకమ్మ పండుగ అయిపోయింది. శిరీష ఆ ఏడు పేర్చలేదు.

దహనం చేసిన పదో రోజు వాకిట్లో టెంటు కింద చుట్టాలు కూర్చున్నారు. జనగామ డీలరు కూడా వచ్చాడు. విస్తరాకులు ఎత్తి గంపలో వేస్తున్న పోశాలును శిరీష పిలిచింది. ఆమె గొంతు బొంగురుపోయి ఉంది.

"ఆయన తాగంగ నువ్వేం జేస్తున్నవ్ పోశాలూ?"

"నేల తుడుస్తున్ననమ్మా."

శ్రావణ్ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

"నేల తుడుస్తవా? మా అక్క నిన్ను నేల తుడువ తోలిందా? గిలాస ఆయన చేతికి ఇచ్చింది నువ్వేనట, గీ డీలరన్న చెప్పిండు. పక్కన్నే ఉంటివి, చేతులకెళ్లి గుంజుకునెతందుకు నీకేం రోగమొచ్చింది రా?"

అందరూ పోశాలు వైపు చూశారు. అతను చేతిలోని విస్తరాకు గంపలో వేశాడు. మెడ మీది కాయను ఒకసారి తడుముకున్నాడు. శ్రావణ్ కళ్లలోకి చూశాడు.

"నలుగురి ముంగట పటేలు చేతిలది గుంజుకుంటె, నన్ను మీరే కొట్టెటోళ్లు."